అమ్మపల్లి రాముడి దగ్గర

గుడికి వెళ్ళడం వేరు, గుడిని చూడడం వేరు. మా అత్తగారు వెళ్ళే రకం. నేను చూసే రకం. తెలుగు ఎం.ఏ. చదివి కాలేజీలో పాఠాలు చెప్పుకునేవాడికి ఈ జబ్బు తప్పదు. దణ్ణం పెట్టేలోగానే స్తంభం ఏనాటిదా, శాసనమేదైనా ఉందా అని కళ్ళు వెతుకుతాయి. మా ఆవిడ ఇద్దరికీ మధ్యస్థురాలు. ప్రసాదం సంగతి ఆవిడ చూసుకుంటుంది.

మేముండేది కాటేదాన్‌లో. ఫ్యాక్టరీలు, లారీలు, దుమ్ము. పాత వస్తువు ఏదైనా కావాలంటే ఇక్కడ దొరికేది పాత ఇనుమే. అయితే ఆరాంఘర్ చౌరస్తా మీదుగా బెంగుళూరు రోడ్డున శంషాబాదు చేరి, అక్కడ పక్కదారి పట్టి కొద్ది దూరం పోతే నర్కూడ దగ్గర అమ్మపల్లి వస్తుంది. అక్కడ సీతారామచంద్రస్వామి గుడి ఉంది. పైన విమానాలు, కింద కొబ్బరిచెట్లు. విమానాశ్రయం 2008 మార్చిలో మొదలైంది. అప్పటినుంచి ఆ చుట్టుపక్కల భూముల ధరలకు కూడా రెక్కలొచ్చాయి.

మా అత్తగారి ఊరు అక్కడికి దగ్గరే. మామగారు పోయాక ఆవిడ మా ఇంటికి వచ్చేశారు. పొలం అమ్మి ఎనిమిదేళ్ళయింది. మిగిలింది పెంకుటిల్లు ఒక్కటే. దానికీ బేరం కుదిరింది. సంతకం పెట్టడానికి ముందు ఒక్కసారి రాముణ్ణి చూసి రావాలన్నారు. బావమరిది బెంగుళూరునుంచి ఫోనులో “అమ్మ మనసు మార్చుకుంటుందేమో బావా, కాస్త చూసుకోండి” అన్నాడు. చూసుకోవడానికి నేనెవరిని? ఆదివారం ముగ్గురం బయల్దేరాం.

దూరంనుంచే కనిపిస్తుంది గాలిగోపురం, ఏడంతస్తులది. ద్వారం మీద శేషశాయి విష్ణుమూర్తి పడుకుని ఉంటాడు. గర్భగుడిలో నల్లరాతి రాముడు, సీత, లక్ష్మణుడు, వెనుక మకరతోరణం. పాదాల దగ్గర హనుమంతుడు మాత్రం లేడు. ఆయన బయట స్వామికి ఎదురుగా ఉంటాడు. కడప జిల్లా ఒంటిమిట్ట కోదండరాముడి గర్భగుడిలోనూ అంతే, హనుమంతుడుండడు. రాముడికి ఆంజనేయుడింకా పరిచయం కాని కాలం అది అని పెద్దలు చెబుతారు. ఆ మాట చెబితే మా అత్తగారు, “పరిచయమైనంక గూడ బయటనే నిలవెట్టిండ్రు సూడు, ఎంత ఓపికనో!” అన్నారు.

పదమూడో శతాబ్దంలో వేంగి రాజులు కట్టించారని స్థానికులంటారు. చరిత్ర పుస్తకం చదివినవాడికి అక్కడ ఒక ముడి పడుతుంది. పదమూడో శతాబ్దానికి వేంగి రాజ్యం చాళుక్యుల చేతుల్లో లేదు. ఈ ప్రాంతంలో అప్పుడు నడిచింది కాకతీయుల కాలం. ఇక కోనేటి చుట్టూ ఉన్న మంటపాల కమానులు చూస్తే అవి ఇంకా తర్వాతి కాలపు పనితనమని తోస్తుంది. అంటే గుడి ఒక్కసారి కట్టింది కాదు. ఒక కాలంవాళ్ళు విగ్రహం నిలిపితే, మరో కాలంవాళ్ళు గోపురమెత్తారు, ఇంకొకరు కోనేరు తీర్చారు. సినిమావాళ్ళు మాత్రం ఏమీ కట్టకుండా ఇక్కడ పాటలు తీసుకుని పోతూ ఉంటారు. ఆ పాటలు టీవీలో వస్తే మా అత్తగారు హీరోను చూడరు, “అగో మన కోనేరు” అంటారు.

ఇంగ్లండు పల్లెల్లోని మధ్యయుగపు చర్చిలూ ఇలాంటివే. పన్నెండో శతాబ్దపు గోడకు పదిహేనో శతాబ్దపు గోపురం అతికి ఉంటుంది. వాళ్ళకున్న అదృష్టం ఇంకొకటి. 1538లో ప్రతి చర్చిలోనూ ఒక పుస్తకం పెట్టి ఊళ్ళోవాళ్ళ బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, ఖననాలు రాయాలని రాజు తరపున ఉత్తరువు వచ్చింది. ఆ పుస్తకాలు తిరగేసి తాతముత్తాతల పేర్లు పట్టుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మనకు శాసనాల్లో రాజులు, దాతలు దొరుకుతారు. కోనేటి మెట్లమీద కూర్చున్న ఆడవాళ్ళు దొరకరు.

దర్శనమయ్యాక మా అత్తగారు కోనేటి మెట్లమీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టారు. 1967లో, శ్రీరామనవమి కల్యాణం మర్నాడు, ఆవిడ పెళ్ళి ఇక్కడే అయిందట. “గా ఏడు వానల్లేవు. నీళ్ళు గీ మెట్టు కాడికే ఉండె. మా నాయిన నన్ను గిక్కడ కూసోవెట్టి కాళ్ళు కడుక్కొమ్మన్నడు” అన్నారు. తర్వాత కార్తీకంలో దీపానికి నూనె ఏ ఇంటివాళ్ళిచ్చేవారు, పానకంలో మిరియాలెక్కువై ఏ పెళ్ళివారు అలిగారు, కలరా వచ్చిన ఏడు ఎవరి బిడ్డ దక్కింది, అన్నీ వరుసగా వచ్చాయి. మా ఆవిడ నోరు తెరుచుకుని వింటున్నది. అందులో సగం ఆవిడకూ తెలియదు.

“ఇల్లు అమ్మడం మీకు కష్టంగా ఉంటే ఇప్పుడే చెప్పండి అత్తయ్యా, నేను మాట్లాడతాను” అన్నాను.

ఆవిడ కాసేపు నీళ్ళవైపు చూశారు.

“ఇల్లుదేముంది బాబూ, పెంకులు గురుస్తున్నయ్. ఎవరన్న కొంటరు. గివన్ని ఎవరు కొంటరు?”

మా ఆవిడ మాట్లాడకుండా సంచిలోనుంచి పులిహోర పొట్లం తీసి తల్లి చేతిలో పెట్టింది.

సంతకం గురువారం అయిపోయింది. ఆవిడ చెయ్యి వణకలేదు. బావమరిది తేలికపడ్డాడు. ఆ సాయంత్రమే నేను రెండొందల పేజీల నోటుబుక్కు కొని తెచ్చాను. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఆవిడ చెబుతారు, మా ఆవిడ రాస్తుంది, తేదీల దగ్గర నేను అడ్డుపడి చీవాట్లు తింటాను. ఇప్పటికి నలభై పేజీలయ్యాయి. కథ ఇంకా 1974 దాటలేదు.