రాత్‌పాళీ

సూరత్ నగరమునకు దక్షిణముగా, బొంబాయి వైపు పోవు రైలుమార్గముపై సచిన్ అను చిన్న స్టేషను కలదు. 1948 వరకు ఇది ఒక సంస్థానమునకు పేరు. ఆఫ్రికా మూలముగల సిద్దీ వంశపు నవాబులు దానిని పాలించిరి. ఆ నవాబుల సంగతి నేడు చరిత్ర చదువువారికి తప్ప ఎవరికిని పట్టదు. 2020లో ఊరు సూరత్ నగరపాలక సంస్థలో కలిసిపోయినది. ఇప్పుడు సచిన్ అనగా పారిశ్రామికవాడ: మరమగ్గములు, అద్దకపు మిల్లులు, రసాయనముల కర్మాగారములు. ఆ ప్రాంతమున రాత్రి షిఫ్టును రాత్‌పాళీ అందురు. మగ్గములు సాధారణముగా రెండు పాళీలలో, పాళీకి పండ్రెండు గంటల చొప్పున తిరుగును. ఆ మగ్గములతో తెలుగువారికి చుట్టరికము లేకపోలేదు. కరీంనగరము, వరంగల్లు, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు తరతరములుగా సూరత్‌కు వలసపోయి లింబాయత్ మొదలగు పేటలలో స్థిరపడిరి. వారి పిల్లల కొరకు నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమపు బడులను సైతము నెలకొల్పవలసివచ్చెను.

రాత్రి పది దాటిన తరువాత ఇటువంటి ఊరిలో తెరచియుండు తలుపులు రెండు: మిల్లు తలుపు, ఆసుపత్రి తలుపు. మొదటిదానిలో నుండి రెండవదానికి మనుష్యులు వచ్చుచుందురు. మగ్గమునకు చిక్కిన వ్రేలు, ఆసిడు చిందిన ముఖము, ఆవిరిగొట్టము పగిలి ఉడికిపోయిన భుజము, ఇవి పారిశ్రామికవాడలో వార్తలు కావు. పెద్ద ప్రమాదము జరిగిననాడే పత్రికలు సచిన్ పేరెత్తును. 2022 జనవరి 6వ తేదీ తెల్లవారుజామున ఒక ట్యాంకరులోని రసాయనమును కాలువలోనికి వదలగా విషవాయువు పుట్టి, ఆ చెంతనున్న కార్మికులలో ఆరుగురు మరణించిరి; ఇరువదిమందికి పైగా సూరత్‌లోని న్యూ సివిల్ ఆసుపత్రికి చేరిరి. 2023 నవంబరులో ఒక రసాయన కర్మాగారమున ప్రేలుడు జరిగి మంటలు చెలరేగగా, మరునాడు ఏడు మృతదేహములు దొరికినవి.

గాయపడినవానికి ఆ ఊరిలో తల్లి లేదు, భార్య లేదు. అతడు ఒరిస్సాలోని గంజాం జిల్లా నుండియో, బీహారు నుండియో వచ్చినవాడు. ఒకే గదిలో వంతులవారీగా నిద్రించు ఏడెనిమిదిమంది సహవాసులే అతని కుటుంబము. వారే ఆటోలో వేసికొని వత్తురు. వారికి తలుపునొద్ద మొదట కనబడు మనిషి నర్సు.

ఆమెకు వాడుక పడిన వాక్యము ఒకటి కలదు: “డాక్టరుగారు వచ్చుచున్నారు, కొంచెము ఓర్చుకొనండి.” దీనిని ఆమె గుజరాతీలో చెప్పవలెను, హిందీలో చెప్పవలెను, వచ్చీరాని మరాఠీలోను ఒడియాలోను చెప్పవలెను. మొదటిసారి చెప్పినప్పుడు అది ఓదార్పు. అర్ధగంట గడచిన పిమ్మట అది సాకు. మూడవసారి చెప్పునప్పటికి అది అబద్ధము. మంచము ఖాళీ లేకపోవుట ఆమె చేసిన పని కాదు. రక్తపు సీసా లేకపోవుటయు కాదు. మిల్లు యజమాని వాహనమునైనను ఇవ్వకపోవుట ఆమె ఎరుగనే ఎరుగదు. పెద్దాసుపత్రికి తీసికొనిపొండని చీటీ వ్రాసిన డాక్టరు చీటీ ఆమె చేతిలో పెట్టి లోపలి గదిలోనికి వెళ్లినాడు. చీటీ ఆమె చేతిలో నున్నది, కనుక అది ఆమె మాట అయినది. అక్కడ లేని పదిమందికి చెందవలసిన కోపము, ఉన్న ఒక్కతెకు తగులును. ఆమె ప్రక్కకు తొలగిపోవుటకును వీలులేదు. వెనుక మంచముపై సెలైను ఎక్కుచున్న వేరొక రోగి కలడు.

ఆరోగ్యసేవలో నున్నవారిలో నూటికి 8 మొదలు 38 మంది వరకు ఉద్యోగకాలమున ఎప్పుడో ఒకప్పుడు శారీరక హింసకు గురియగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బెదిరింపులు, బూతులు ఇందులో చేరలేదు. ఎనిమిదికిని ముప్పదియెనిమిదికిని నడుమ నున్న దూరమును చూచిన, దెబ్బతిన్నవారందరు చెప్పుకొనుట లేదని ఊహింపవచ్చును. దేశమంతట నర్సును సిస్టరు అందురు; గుజరాతులో పేరునకు చేర్చు ‘బేన్’ అను మాటకును సోదరి యనియే అర్థము. పూర్వము క్రైస్తవ సన్యాసినులు ఈ సేవ చేసినందున నిలిచిన పిలుపు ఇది. పిలుపులో గౌరవము కలదు, సందేహము లేదు. అయినను అక్కచెల్లెండ్రపై చేయిచేసికొనుట మన ఇండ్లలో అంత అపూర్వమా?

రాత్రి పనిని గూర్చి మన శాసనముల కథ ఒకటి చెప్పుకొనదగినది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము, స్త్రీలు ఉదయము ఆరు గంటలకును సాయంకాలము ఏడు గంటలకును నడుమ తప్ప కర్మాగారములలో పనిచేయరాదని శాసించెను. స్త్రీ రక్షణయే దానికి చెప్పబడిన కారణము. అదే రాత్రి, అదే వీధిలో, మిల్లు నుండి కూతవేటు దూరమున ఆసుపత్రిలో నర్సు మేల్కొని కూర్చుండియే యుండెను. ఆమె రాత్రిని నిషేధింపవలెనని ఎవరికిని తోచలేదు. తోచియున్నచో రోగుల గతి ఏమగును? కొంతకాలమునకు ఆ నిషేధము సమానత్వమునకు భంగకరమని మద్రాసు హైకోర్టు 2000లోను, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లోను, గుజరాత్ హైకోర్టు 2013లోను తీర్పు చెప్పినవి. నిషేధము పోయినచోట షరతులు వచ్చినవి. రాకపోకలకు వాహనముండవలెను. దారిలోను పనిచోటను దీపములుండవలెను. విశ్రాంతి గది వేరుగా నుండవలెను. ఒంటరిగా గాక జట్టుగా నియమింపవలెను. రాత్రివేళ మిల్లు తలుపు స్త్రీకి ఇన్ని షరతులతో తెరచుకొనెను. ఆసుపత్రి తలుపు నర్సుకు ఎన్నడును మూయబడలేదు. కనుక షరతులు అడుగు సందర్భమే ఆమెకు రాలేదు.

షరతులు లేని పని ఎట్టిదో తెలియవలెనన్న సచిన్ నుండి ఆ రైలుమార్గముననే బొంబాయికి పోవలెను. పరేలులోని కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రిలో అరుణా శాన్‌బాగ్ అను ఇరువదియైదేండ్ల నర్సు పనిచేయుచుండెను. ఆమెది ఉత్తర కన్నడ జిల్లాలోని హల్దీపూరు. శస్త్రచికిత్సా ప్రయోగములకు ఉద్దేశింపబడిన కుక్కల ప్రయోగశాలలో ఆమెకు పని. అదే ఆసుపత్రి డాక్టరుతో వివాహము నిశ్చయమైయుండెను. 1973 నవంబరు 27వ తేదీన డ్యూటీ ముగించి, దుస్తులు మార్చుకొనుటకు ఆమె నేలమాళిగలోని గదికి పోయెను. నర్సులు దుస్తులు మార్చుకొనుటకు తగిన తావు అక్కడ లేకపోయెను; ఈ చిన్న మాటను జ్ఞాపకముంచుకొనవలెను. అక్కడ పనిచేయు పారిశుద్ధ్య సేవకుడొకడు, పనిలో మందలించినదని ఆమెపై కక్ష వహించినవాడు, కుక్కల గొలుసును ఆమె మెడకు బిగించి అత్యాచారము చేసెను. మెదడునకు ప్రాణవాయువు అందలేదు. మరునాటి ఉదయము ఊడ్చుటకు వచ్చినవారు ఆమెను చూచిరి. చూపు పోయినది, మాట పోయినది, ఎరుక పోయినది.

బొంబాయి నర్సులు సమ్మె చేసిరి. అరుణకు సరియైన చికిత్స కావలెననియు, తమకు రక్షణ కావలెననియు అడిగిరి. నిందితునిపై అత్యాచారము అభియోగముగా చేరనే లేదు. కొట్టుట, దోచుకొనుట అను నేరములకు ఏడేండ్ల శిక్ష పడెను. అతడు శిక్ష ముగించికొని వెళ్లిపోయెను. అరుణ నాల్గవ వార్డులో ఉండిపోయెను.

ఆ తరువాత జరిగినది ఈ దేశపు ఆసుపత్రుల చరిత్రలో సాటిలేనిది. ఆ ఆసుపత్రి నర్సులు ఆమెను నలుబదియొక్క సంవత్సరములకు పైగా సాకిరి. అన్నము మెత్తగా చేసి తినిపించిరి. చేపలన్న ఆమెకు ప్రీతి యని కనిపెట్టిరి. ముప్పదియేడు సంవత్సరములు మంచముననే ఉన్నను ఆమె ఒంటిపై ఒక్క పుండైన పడలేదని 2011 నాటి సుప్రీంకోర్టు తీర్పులో వ్రాయబడియున్నది. దీని విలువ మంచమున పడినవారికి సేవ చేసినవారెరుగుదురు. ఆమెను అచ్చటి నుండి తరలింపవలెనని పురపాలక సంస్థ తలపెట్టినప్పుడు నర్సులు ఎదురుతిరిగి ఆపిరి. రచయిత్రి పింకీ విరానీ ఆమెకు మరణమును ప్రసాదింపుడని న్యాయస్థానమును కోరినప్పుడు, ఆమెను గూర్చి మాటాడు అధికారము ఆ ఆసుపత్రి సిబ్బందిదే యని 2011 మార్చి 7న కోర్టు నిర్ణయించెను. 2015 మే 18న న్యుమోనియాతో ఆమె కన్నుమూసెను. అప్పటికి ఆమెకు సేవ చేయుచున్న నర్సులలో, ఆమెపై దాడి జరిగిననాటికి పుట్టనివారు కలరు.

ఆ కేసులోనే కోర్టు, కోలుకొనలేని రోగికి ప్రాణాధార చికిత్సను కొన్ని నిబంధనలకు లోబడి ఉపసంహరింపవచ్చునని చెప్పెను. దానితో న్యాయశాస్త్ర గ్రంథములలో అరుణ పేరు మరణమును గూర్చిన అధ్యాయమున స్థిరపడెను. దుస్తులు మార్చుకొను గదిని గూర్చిన అధ్యాయమేదియు లేదు. ఆమె జీవితము ఒక నేలమాళిగలో ముగిసిపోయిన సంగతి ఆ విధముగా మరుగున పడెను. ఇంకొకటి: గుంపు బయటి నుండి వచ్చును గాని, అరుణ మెడకు గొలుసు వేసినవాడు లోపలివాడు. వాకిట ఎందరు కాపలావారున్నను వానిని నిలిపి గుర్తింపు చీటీ అడిగియుండరు.

2024 ఆగస్టు 9న కలకత్తాలోని ఆర్.జి. కర్ వైద్యకళాశాలలో రాత్రి డ్యూటీలో నున్న యువవైద్యురాలు అత్యాచారమునకు, హత్యకు గురియైనప్పుడు దేశము మేల్కొన్నది. ఆగస్టు 20న సుప్రీంకోర్టు ఒక జాతీయ కార్యబృందమును నియమించెను. విశ్రాంతి గదులు చాలవు, మరుగుదొడ్లు లేవు, ఇండ్లకు పోవుటకు వాహనములు లేవు అని కోర్టు ఎత్తిచూపిన లోపములన్నియు నర్సులు యాబదియేండ్లుగా చెప్పుకొనుచున్నవే. బృందమునకు ఎన్నుకొన్నవారు ప్రసిద్ధ వైద్యులు. హైదరాబాదుకు చెందిన డాక్టరు నాగేశ్వరరెడ్డిగారును వారిలో ఉండిరి. ఆ పట్టికలో ఒక్క నర్సు పేరును లేదు. ఇంచుమించు అదే కాలమున, జూలై చివరి దినములలో, ఉత్తరాఖండములోని రుద్రపూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రి నర్సు పని ముగించి ఇంటికి పోవుచు మధ్యలో అదృశ్యమయ్యెను. ఆగస్టులో ఆమె మృతదేహము దొరికినది. ఆమె కొరకు కొవ్వొత్తులు వెలిగించినవారు కొద్దిమంది.

చట్టములు లేవనుటకు వీలులేదు. ఆంధ్రప్రదేశములో 2008లోను, గుజరాతులో 2012లోను వైద్యసేవకులపై హింసను అరికట్టు చట్టములు వచ్చినవి. ఆంధ్ర చట్టము క్రింద మూడేండ్ల వరకు కారాగారము, 50,000 రూపాయల వరకు జరిమానా కలదు. జామీను లేని నేరము. కోవిడ్ మహమ్మారి నాడు, 2020లో, కేంద్రము అంటువ్యాధుల చట్టమును సవరించి శిక్షలను ఇంకను పెంచెను. అంటువ్యాధి ఉన్నన్నాళ్లే దాని ప్రయోజనము. 2024 ఆగస్టులో, దాడి జరిగిన ఆరు గంటలలోగా సంస్థాధిపతియే పోలీసులకు ఫిర్యాదు చేయవలెనని కేంద్ర ఆరోగ్య శాఖ ఉత్తరువు పంపెను. ఇది నిజముగా మంచి ఉత్తరువు, ఏలయన ఫిర్యాదు భారమును నర్సు తలపై నుండి దించుచున్నది. కాని అది చేరినది కేంద్ర సంస్థలకు, పెద్ద ఆసుపత్రులకు. సచిన్ వంటి చోట్ల గాయమునకు మొదట కట్టు కట్టునది పెద్ద ఆసుపత్రి కాదు. మేడ క్రింద దుకాణము, మేడపైన పది పడకలు గల నర్సింగ్ హోము. 2013 నాటి లైంగిక వేధింపుల నివారణ చట్టము ఆసుపత్రులను పేరుపెట్టి పేర్కొన్నది. అయితే పదిమంది లోపు పనివారున్న చోట విచారణ సంఘమును ఏర్పరచుట యజమాని విధి కాదు. అట్టివారు జిల్లాలోని స్థానిక సంఘమునకు పోవలెను. ఎనిమిదిమంది పనిచేయు ఇంట, యజమానియే వైద్యుడైన చోట, రేపటి ఉద్యోగము పోగొట్టుకొనుటకు సిద్ధపడి జిల్లా కేంద్రమునకు పోవు నర్సు ఎవరు?

చాలచోట్ల కాపలాదారు ఉండును. అతడు ఎవరిని కాయుచున్నాడో విచారింపవలెను. 1994 సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు పుట్టినప్పుడు లక్షలమంది ఊరు విడిచిపోయిరి. ప్రైవేటు వైద్యులలో పలువురు దుకాణము కట్టివేసిరి. సివిల్ ఆసుపత్రి సిబ్బంది నిలిచి పనిచేసిరి. ఆ దినములలో ఆసుపత్రి చుట్టు సాయుధులను నిలిపిరి. రోగులు పారిపోకుండుటకై నిలిపిరి. నేటికిని చిన్న ఆసుపత్రుల వాకిట కూర్చున్న ముసలి వాచ్‌మన్ మొదటి పని బిల్లు కట్టక ఎవరును జారుకొనకుండ చూచుట, రెండవది వాహనములను సర్దుట. గుంపు మెట్లెక్కునప్పుడు అతడును భయపడి గోడకు అంటుకొని నిలుచును. అతనిని తప్పుపట్టలేము, అతని జీతము అంతటిది.

ఉదయము పాళీ మారును. రాత్రి నర్సు వచ్చిన నర్సుకు పుస్తకము చూపి పని అప్పగించును: ఏ మంచమునకు ఏ మందు, ఎవరికి జ్వరమెంత, ఎన్ని సెలైను సీసాలు మిగిలినవి. ఎవరో తన మణికట్టు పట్టి ఈడ్చినాడన్న సంగతి వ్రాయుటకు ఆ పుస్తకములో గడి లేదు. వేరు కాగితముపై వ్రాసిన యజమాని వచ్చువరకు కూర్చుండవలెను, ఆ తరువాత పోలీసు స్టేషనులో కూర్చుండవలెను. ఇంటిలో బిడ్డ బడికి పోవు వేళ అయినది. కనుక ఆమె దానిని వ్రాయదు, నోటితో చెప్పును. “బేన్, మూడవ మంచము వాని అన్నకు కోపమెక్కువ. సూది వేయుటకు ఒంటరిగా పోవద్దు. ఆయాను వెంట తీసికొనిపో.” వచ్చిన ఆమె తలయూపి, మందుల బీరువా తాళపుచెవులు తీసికొనును.