‘బహుశా’కి కోడ్ లేదు

గాజువాకలో పిన్ని వాళ్లింటికి ఆదివారం భోజనానికి వెళ్లాను. చేపల పులుసు వడ్డిస్తుంటే పిన్ని కూతురు, అంటే నా చెల్లెలు, కంచంలోంచి తలెత్తకుండా అడిగింది. "అన్నయ్యా, నిజం చెప్పు. నా ఉద్యోగం ఇంకెన్నేళ్లుంటాది?"

నేను ముల్లు తీసుకుంటున్నట్టు కాసేపు నటించాను.

అడిగే హక్కు తనకుంది. 2019లో బీఫార్మసీ అయ్యాక ఏం చెయ్యాలో తోచక కూర్చున్నప్పుడు దారి చూపించిన పెద్దమనిషిని నేనే. పరవాడ ఫార్మాసిటీలో షిఫ్టులు వద్దన్నాడు బాబాయి. మందుల షాపులో నిలబడడం తనకే ఇష్టం లేదు. నర్సింగ్ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పిన్ని ముప్పై ఆరేళ్లు కేజీహెచ్‌లో స్టాఫ్ నర్సు. ఎవరైనా ఆ మాటెత్తితే చీర కుచ్చిళ్లు కాస్త పైకి లాగి పిక్కల మీద ఉబ్బిన నరాలు చూపిస్తుంది. అంతే, చర్చ ముగిసినట్టే.

"మెడికల్ కోడింగ్ నేర్చుకో. ఏసీ గదిలో కూర్చుని చేసే పని. అమెరికాలో జనం జబ్బు పడడం ఆగదు కదా" అన్నాను. ద్వారకానగర్లో కోచింగ్‌కి చేరింది. పరీక్ష రెండోసారికి పాసై, నెలకి పధ్నాలుగు వేలకి ఉద్యోగం తెచ్చుకుంది. ఇప్పుడు అంతకి రెండింతల పైనే వస్తోంది.

ఈ పనేమిటో తెలియనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. అమెరికాలో డాక్టరు రోగిని చూసి, చూసిందీ చేసిందీ రాస్తాడు. ఇన్సూరెన్సు కంపెనీకి ఆ వ్యాసం అక్కర్లేదు, కోడ్లు కావాలి. జబ్బుకి ఐసీడీ కోడు, చేసిన వైద్యానికి సీపీటీ కోడు. మామూలు మధుమేహం ఈ11.9. దానివల్ల మూత్రపిండాలు దెబ్బతింటే ఈ11.22. ఆ ఒక్క తేడాతో వచ్చే డబ్బు మారిపోవచ్చు. డాక్టరు రాసింది చదివి, సరైన కోడు వెతికి పెట్టేవాళ్లు కోడర్లు. 2015 అక్టోబరు 1న అమెరికా పాత ఐసీడీ-9 వదిలి ఐసీడీ-10కి మారింది. సుమారు 14 వేలుండే జబ్బుల కోడ్లు ఒక్కసారిగా దాదాపు 70 వేలయ్యాయి. బాతు కొట్టడం వల్ల తగిలిన గాయానికి కూడా కోడుంది, డబ్ల్యూ61.62. మా చెల్లి ఈ సంగతి చెప్పి ఇంట్లో అందరినీ నవ్వించేది. కోడ్లు అలా పెరగడం మన దగ్గర కొన్ని వేల మందికి అన్నం పెట్టింది.

నేను అదే వీధికి అవతలి గట్టున ఉన్నాను. మా టీము అమెరికన్ ఆసుపత్రుల బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాస్తుంది. రెండేళ్లుగా మేం చేస్తున్నదేమిటంటే, డాక్టరు రాసింది చదివి తనంతట తనే కోడ్లు పెట్టే ప్రోగ్రాము. మొదట్లో అది సూచన మాత్రమే చేసేది, మనిషి సరే అనాలి. ఇప్పుడు దానికి గట్టి నమ్మకమున్న చార్టులు మనిషి చూడకుండానే ముందుకు వెళ్లిపోతున్నాయి. పోయిన నెల ఒక ప్రజెంటేషన్‌లో ‘ఆదా అయిన కోడర్ గంటలు’ అనే పట్టిక తయారు చేసింది నేనే. చెల్లి పనిచేసే కంపెనీ మా కస్టమరు కాదు. ఆ మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను.

ఇలాంటిది మా కుటుంబంలో ఇదివరకోసారి జరిగింది. 2000 ప్రాంతంలో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంటే ఇప్పటి కోడింగ్ లాగే మోజు. అమెరికా డాక్టర్లు మాట్లాడింది చెవుల్లో పెట్టుకుని విని టైపు చెయ్యడమే పని. మా బావ అమీర్‌పేట వెళ్లి కోర్సు చేసి, నాలుగేళ్లు బాగానే సంపాదించాడు. తర్వాత మాటల్ని గుర్తుపట్టే సాఫ్ట్‌వేర్లొచ్చాయి. టైపు చేసేవాళ్లు, యంత్రం టైపు చేసింది దిద్దేవాళ్లయ్యారు. పని మారలేదుగానీ రేటు తగ్గింది. బావ ఇప్పుడు అనకాపల్లిలో సెల్ ఫోన్ల షాపు నడుపుతున్నాడు.

"అందుకే నర్సింగే నయం అంటారేటి ఇప్పుడు?" అంది పిన్ని, నా మొహం చూసి. నిజానికి నేను అదే అనబోతున్నాను.

ఆవిడ 1984లో చేరింది, 2020లో కోవిడ్ మధ్యలో రిటైరైంది. కేజీహెచ్ 1923 నాటిది. శ్రీకాకుళం నుంచీ, విజయనగరం నుంచీ, అరకు ఏజెన్సీ నుంచీ, సరిహద్దు దాటి ఒడిశా నుంచీ రోగులొస్తారు. కువి మాట్లాడే ముసలాయన ఒకాయన రాత్రంతా ఏమీ అడగకుండా పడుకున్నాడట. కాగితం మీద అన్నీ బాగానే ఉన్నాయి. "తెల్లారి టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేదు. పట్టుకోడం లేదేటని డాక్టరు గారిని పిలిచాను" అంది. అంతకు మించి చెప్పలేదు. ఆయన బతికాడా అని చెల్లి అడిగితే, "వార్డు మార్చేశారు, తెలీదు" అంది.

ఇలాంటివి విన్నప్పుడు మనిషి చెయ్యి చేసే పనిని ఏ యంత్రమూ చెయ్యలేదు అని రాసేసి వ్యాసం ముగించాలనిపిస్తుంది. కానీ పని మిగలడం వేరు, ఆ పనికి జీతం మిగలడం వేరు. 2016లో సుప్రీంకోర్టు తీర్పు మీద వేసిన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నర్సు జీతం 20 వేలకి తగ్గకూడదని సిఫారసు చేసింది. మా పక్కింటి అమ్మాయి జీఎన్ఎం చదివి, ఊళ్లో ఒక చిన్న ఆసుపత్రిలో అందులో సగానికి రాత్రి డ్యూటీలు చేస్తోంది. జర్మన్ నేర్చుకుంటోంది. బీ2 పాసైతే వెళ్లిపోతుంది. పిన్నికి దొరికిన ఉద్యోగం పేరు నర్సే, ఈ అమ్మాయికి దొరికిందీ నర్సే. ఒకటి పింఛనుతో ముగిసింది, రెండోది ఎయిర్‌పోర్టుకి దారి వెతుకుతోంది.

మన నవలల్లో కూడా ఇంతే. కోడూరి కౌసల్యాదేవి ‘చక్రభ్రమణం’ 1964లో ‘డాక్టర్ చక్రవర్తి’ సినిమా అయింది. ఆ తరం పాఠకులకి తెల్లకోటు కథానాయకులు కొదవ కాదు. ట్రే పట్టుకుని గదిలోకొచ్చి వెళ్లిపోయే నర్సు ఇంటికెళ్లి ఏం తింటుందో చెప్పిన పేజీలు మాత్రం నేను చదివినవాటిలో బహు తక్కువ. ల్యాబ్ టెక్నీషియన్, ఫార్మసిస్టు, 108లో వచ్చే కుర్రాడు, ఇప్పుడీ కోడరు: ఆరోగ్యరంగంలో ఉద్యోగాలంటే ఎక్కువగా వీళ్లే. కథల్లో మాత్రం ఇంకా డాక్టరే.

బాబాయి అప్పటిదాకా మాట్లాడలేదు. ఆయన స్టీల్ ప్లాంటులో చేసి రిటైరయ్యాడు. ఉక్కు ఉద్యోగం వస్తే పిల్లనివ్వడానికి వరసకట్టిన కాలం ఆయనది. 32 మంది ప్రాణాలిస్తే వచ్చిన ఫ్యాక్టరీ. 2021 జనవరిలో దాన్ని నూటికి నూరు శాతం అమ్మడానికి కేంద్రం సూత్రప్రాయంగా ఒప్పుకుందని తెలిశాక, కూర్మన్నపాలెం శిబిరానికి రోజూ వెళ్లేవాడు. ఇంటికి దగ్గర్లోనే, పెదగంట్యాడలో మెడ్‌టెక్ జోన్ ఉంది. 270 ఎకరాల్లో వైద్య పరికరాలు తయారుచేసే చోటు. 2018 డిసెంబరులో మొదలైంది. "అక్కడేవో స్కానింగు మిషన్లు చేస్తారట. నీ ఫార్మసీకి పనికొస్తాదా?" అని చెల్లిని అడిగాడు. ఇనుము పోసినచోటు నుంచి మిషన్లు చేసేచోటుకి వెళ్లొచ్చని ఆయన ఆశ. అక్కడ ఎక్కువగా అడిగేది ఇంజినీర్లనీ, డిప్లొమా వాళ్లనీ. నేను ఆ మాట అనలేదు.

భోజనాలయ్యాక మేడ మీదకెళ్లాం. పట్టిక సంగతి చెల్లికి చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను.

"నాకు తెలుసు. ఆరు నెలల నుంచీ మేం కోడ్లు పెట్టట్లేదు అన్నయ్యా, మిషను పెట్టినవి దిద్దుతున్నాం. ఎక్కడ తప్పిందో, ఎందుకు తప్పిందో కారణం కూడా రాయాలి. మేం రాసిన కారణాలన్నీ ఎక్కడికెళ్తాయంటావు?"

ఎక్కడికెళ్తాయో నాకు తెలుసు. మా ప్రోగ్రాముకీ అలాంటివే తినిపిస్తాం.

తర్వాత నాకు చేతనైనంతలో లెక్క చెప్పాను. ఎక్స్‌రేలు, మామూలు ఓపీ చార్టులు ముందు పోతాయి. పెద్ద ఆపరేషన్లు, వారాల తరబడి ఆసుపత్రిలో ఉన్నవాళ్ల చార్టులు ఇంకొంత కాలం మనిషి చేతిలో ఉంటాయి. ఇన్సూరెన్సు వాళ్లు తిప్పికొట్టిన బిల్లుల మీద వాదించడం, ఆడిట్ చెయ్యడం, వాటికి ఇప్పటికీ మనుషులే కావాలి. ఆడిటింగ్ పరీక్ష రాయమన్నాను.

"ఫీజు కట్టి, ఏడాది చదివాక అదుంటాదా?"

"బహుశా ఉంటుంది."

చెల్లి నవ్వింది. ఓపీ చార్టుల్లో వాళ్లకి ఒక నియమం ఉంది. డాక్టరు ‘బహుశా న్యుమోనియా’ అని రాస్తే న్యుమోనియా కోడు పెట్టకూడదు. దగ్గుంటే దగ్గు, జ్వరముంటే జ్వరం, కనిపించిన లక్షణాన్నే రాయాలి. మా ప్రోగ్రాము మొదట్లో చేసిన తప్పుల్లో సగం అక్కడే. పిన్ని వాళ్ల వార్డులోనూ అదే మాటట, రాయనిది చెయ్యనట్టే.

"అయితే లక్షణమే రాసుకో. భయం" అన్నాను.

"ఎవరికి?" అంది.

ఫీజు నేను కడతానంటే ఒప్పుకోలేదు, అప్పుగా అయితే సరేనంది. సోమవారం ఆఫీసులో ఆ స్లైడు మళ్లీ తెరిచాను. అంకెలు సరిగ్గానే ఉన్నాయి. ఏమీ మార్చలేదు.