చపాతీ మానేసి అన్నం తినండి

మా వీధిలో నలభై దాటిన వాళ్ళందరికీ డాక్టర్లు చెప్పే మాట ఒకటే. అన్నం తగ్గించండి, రాత్రిపూట రెండు చపాతీలు తినండి. తెలుగింట్లోకి చపాతీ రుచి కోసం వచ్చింది కాదు, మందుల చీటీ మీద వచ్చింది. షుగరైనా, కొవ్వైనా, మోకాళ్ళ నొప్పులైనా దానికే ఓటు. నా చీటీ మీద మాత్రం తలకిందులుగా రాశారు. చపాతీ మానేసి అన్నం తినండి అని. ఆ మాట విని ముందుగా కుళ్ళుకున్నది మా బావగారు. ఆయన కంచంలో అన్నం ఒక్క గరిటెకు దిగిపోయి చాలాకాలమైంది. "ఆ రోగమేదో నాకొచ్చినా బాగుండేదోయ్" అన్నారు, పుల్కా తుంచుకుంటూ.

ఆ రోగం పేరు సీలియాక్. గోధుమలో, బార్లీలో, రై అనే చలిదేశపు ధాన్యంలో గ్లూటెన్ అనే మాంసకృత్తి ఉంటుంది. అది పేగులోకి దిగగానే ఒంట్లోని రక్షణ వ్యవస్థ ఎదురుతిరిగి, ఆ పోరులో సొంత పేగునే గాయపరుస్తుంది. చిన్నపేగు లోపలి సన్నటి చూషకాలు అరిగిపోతాయి. ఇక తిన్నది ఒంటబట్టదు. కొందరికి విరేచనాలు, కొందరికి కడుపుబ్బరం, కొందరికి ఎన్ని ఐరన్ మాత్రలు మింగినా పెరగని రక్తం. పిల్లలైతే ఎదుగుదల ఆగిపోతుంది. ఉత్తరాదిన ఇంచుమించు నూటికొకరికి ఉండే ఈ జబ్బు దక్షిణాదిన వెయ్యికొకరికి ఉంటుందని సర్వేల్లో తేలింది. అందుకే ఇక్కడ ఎవరికీ చప్పున తట్టదు. మందు లేదు. జీవితాంతం గ్లూటెన్ జోలికి పోకపోవడమే వైద్యం. అనుమానం వచ్చిందని ముందే గోధుమ మానేసి, తర్వాత తీరిగ్గా పరీక్షకు మాత్రం వెళ్ళకండి. గోధుమ తింటున్నప్పుడు చేయిస్తేనే రక్తపరీక్షా, ఎండోస్కోపీలో తీసే ముక్కా నిజం చెబుతాయి.

గోధుమే దోషి అని తేల్చినవాడు విల్లెమ్ కారెల్ డికే అనే డచ్చి పిల్లల వైద్యుడు. ఆయనకు ముందు ఈ జబ్బుకు నానారకాల పథ్యాలు నడిచాయి. 1920లలో న్యూయార్కులో సిడ్నీ హాస్ అనే డాక్టరు అరటిపళ్ళ పథ్యం పెట్టి ఎందరో పిల్లల్ని నిలబెట్టాడు. దాంతో అరటిపండే మందనుకున్నారు. తర్వాత యుద్ధం వచ్చింది. 1944-45 చలికాలంలో జర్మన్లు తిండిగింజలు రానివ్వక పడమటి హాలెండును మాడ్చారు. జనం తులిప్ దుంపలు ఉడకబెట్టుకు తిన్నారు. రొట్టె కనిపించకుండా పోయింది. ఊరంతా చిక్కి శల్యమవుతుంటే, డికే చూస్తున్న సీలియాక్ పిల్లలు తేరుకున్నారు. గోధుమ మీద ఆయనకు అంతకుముందు నుంచే అనుమానం ఉంది. యుద్ధం ముగిశాక పరీక్షలు చేసి, 1950లో తన సిద్ధాంత గ్రంథంలో బయటపెట్టాడు. ఈ కథ చెబితే బావగారు, "అయితే నీ జబ్బుకు కరువే మందన్నమాట" అన్నారు. కరువు కాదు. న్యూయార్కు పిల్లల్ని కాపాడింది అరటిపండూ కాదు. అది కంచం నింపేసి రొట్టెకు చోటు లేకుండా చేసింది, అంతే.

నేను పట్టుకున్న కిటుకు కూడా అదే. పోయినదానికి నకలు వెతకడం దండగ. గోధుమతో మొదటి నుంచీ పనే లేని వంటతో కంచం నింపుకుంటే సరిపోతుంది. సూపర్ మార్కెట్లలో గ్లూటెన్ ఫ్రీ అని రాసిన బ్రెడ్డు, బిస్కట్లు, నూడుల్స్ దొరుకుతున్నాయి. మామూలు వాటికి రెట్టింపు పైనే ధర. ఆ బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుంటే బ్రెడ్డు గుర్తుకొస్తుంది కానీ బ్రెడ్డు తిన్నట్టుండదు. పైగా ఆ సాగే గుణం గ్లూటెన్ వల్లే వస్తుంది కాబట్టి, అది లేని లోటు పూడ్చడానికి గంజిపిండీ, జిగురూ, పంచదారా దట్టిస్తారు. అంత డబ్బు పోసి ఆ బాధ పడేకంటే దిబ్బరొట్టె వేసుకోవడం నయం కాదూ?

మినప్పిండిలో బియ్యపురవ్వ కలిపి, అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె కాస్త ధారాళంగా పోసి, పిండి రెండంగుళాల మందాన పరిచి మూత పెట్టాలి. సెగ సన్నగా ఉండాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. అడుగున ఎర్రటి పెచ్చు కట్టి, దానంతటదే మూకుడు వదిలేదాకా కదపకూడదు. పైన కరకర, లోపల మెత్తన. బెల్లం పానకంలో ముంచుకుంటారో, అల్లం పచ్చడి నంజుకుంటారో మీ ఇష్టం. వరంగల్లు నుంచి వచ్చిన మా పక్కింటావిడ సర్వపిండి చేస్తుంది. బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, పచ్చిమిర్చి వేసి కలిపి, ఆ ముద్దను గిన్నె లోపలి గోడలకే అద్ది, వేలితో అక్కడక్కడా చిల్లులు పొడిచి, ఒక్కో చిల్లులో నూనె చుక్కలు వేస్తుంది. గిన్నె దించి మంచినీళ్ళు చల్లి, చల్లారితే గానీ రెండోది వేయడానికి లేదు. అందుకే ఆవిడ ఇంట్లో సర్వపిండికి వంతులు. ఇక పెసరట్టు, ఆవిరికుడుము, గారెలు, జొన్నరొట్టె, రాగిసంకటి, సకినాలు, అరిసెలు, సున్నుండలు, ఆత్రేయపురం పూతరేకులు, వీటిలో దేనికీ గోధుమతో చుట్టరికం లేదు. అమెరికాతో 1956లో కుదిరిన పీఎల్-480 ఒప్పందం మీద గోధుమలు ఓడల్లో దిగిన రోజుల్లో, రేషను గోధుమలను ఏం చేయాలో తోచక విసిరి నూకగా చేసి ఉప్మా వండేవాళ్ళమని మా అమ్మ చెప్పేది. మన వంటింటికి గోధుమ అంత కొత్త.

కొత్తదైనా చొరవ ఎక్కువ. ఎక్కడెక్కడ దూరిందో తెలుసుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. వాటన్నిటిలోకీ నన్ను బాగా దెబ్బతీసింది ఇంగువ. ఆఫ్ఘనిస్తాన్, ఇరాన్ కొండల్లో పెరిగే ఓ మొక్క వేరు నుంచి కారే బంక అది. మన దేశంలో పండేది కాదు. 2020లో పాలంపూర్‌లోని సీఎస్ఐఆర్ సంస్థ వాళ్ళు హిమాచల్‌లోని లాహౌల్ లోయలో సాగు మొదలుపెట్టారు. అసలు బంక ఘాటుకు తట్టుకోలేం కాబట్టి, దానికి తుమ్మజిగురు, పిండి కలిపి అమ్ముతారు. ఆ పిండి చాలా డబ్బాల్లో గోధుమది. డబ్బా వెనక చీమతలకాయంత అక్షరాల్లో రాసే ఉంటుంది. మనం ఏనాడైనా చదివామా? పులిహోర, పప్పుచారు, మజ్జిగపులుసు, మాగాయ, అప్పడం, అన్నిట్లో ఇంగువే. గోధుమ ఊసే లేని కంచం అనుకున్నది కాస్తా ఒక్క పోపుతో అనుమానాస్పదమైపోయింది.

గ్లూటెన్ ఫ్రీ అని రాసుకోవాలంటే కిలో పదార్థంలో గ్లూటెన్ 20 మిల్లీగ్రాములకు మించకూడదని మన ఆహార భద్రతా సంస్థ నియమం. అంతర్జాతీయంగా కోడెక్స్ ప్రమాణమూ అదే. గోధుమపిండిలో ఇంచుమించు పదో వంతు గ్లూటెనే. అంటే కిలో పప్పుచారులో 200 మిల్లీగ్రాముల పిండి పడితే హద్దు ముట్టినట్టే. అది రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు. లెక్క చూసి బెదిరిపోనక్కర్లేదు. బియ్యప్పిండి కలిపిన ఇంగువ, పైన గ్లూటెన్ ఫ్రీ అని రాసి మరీ అమ్ముతున్నారు. ఘాటుకేం లోటు లేదు. మా ఇంట్లో పులిహోరకు ఇప్పుడు అదే.

ఇంటి సంగతి సరే. బయట తినకుండా ఎన్నాళ్ళుంటాం? టిఫిన్ సెంటర్లో అడగాల్సింది క్యాష్ కౌంటర్లో కూర్చున్న ఓనరును కాదు, పెనం ముందు నిలబడ్డ మాస్టర్‌ను. మా సందు చివరి మాస్టర్‌ను అడిగితే ఆయన నాకు ఎదురు ప్రశ్న వేశాడు.

"మీకు పడనిది మైదానా సార్, గోధుమా?"

"రెండూ ఒకటేగా మాస్టారూ."

"అందుకే అడిగా. మైదా పడదంటూనే ఉప్మా ఆర్డరిచ్చేవాళ్ళు ఉన్నారు."

నిజమే. మైదా, బొంబాయిరవ్వ, సేమియా అన్నీ గోధుమ బిడ్డలేనని తెలియనివాళ్ళు చాలామంది. ఇడ్లీరవ్వ మాత్రం బియ్యానిది. ఆయన దోశపిండిలో ఎర్రటి రంగు కోసం గుప్పెడు బొంబాయిరవ్వ పడుతుందట. పెసరట్టులో అది లేదు. కానీ పెనం మీద రవ్వదోశ తీయగానే నీళ్ళు చల్లి, చిన్న చీపురుతో ఒక్క ఊపు ఊడ్చి, ఆ తడి మీదే పెసరట్టు వేస్తాడు. ఆ చీపురు పొద్దున్నుంచీ ఊడ్చిన రవ్వంతా దాని పుల్లల్లోనే ఉంటుంది. గారె మినప్పిండిదే అయినా, పూరీ, మైసూర్ బజ్జీ వేగిన నూనెలోనే అదీ వేగాలి. ఇన్ని గండాలు దాటి నిలిచింది ఇడ్లీ. దానికి పెనంతోనూ నూనెతోనూ పని లేదు, ఆవిరి చాలు. సాంబారులో ఇంగువ ఏ కంపెనీదో మాస్టర్‌కే తెలియదు కాబట్టి దాన్ని వదిలేసి, కారప్పొడి మీద నెయ్యి పోయించుకుంటాను. ఇదేమీ త్యాగం కాదు. వేడి ఇడ్లీకి సాంబారు కన్నా నెయ్యీ కారప్పొడే సరైన జోడీ అని నేను ముందు నుంచీ వాదిస్తున్నాను. ఇప్పుడు వైద్యశాస్త్రం నా పక్షాన చేరింది.

హైదరాబాదులో కథ వేరు. బిర్యానీ బియ్యం, మాంసమే కదా అని ధీమాగా వెళతామా, దమ్ము బయటికి పోకుండా హండీ మూత చుట్టూ గోధుమపిండి ముద్ద అంటించే వంటవాళ్ళు ఉంటారు. మూత తీసేటప్పుడు ఆ ఎండిన పెచ్చులు లోపల రాలవని ఎవరు పూచీ? కొందరు తడిబట్టతోనే సరిపెడతారు, అడిగితే చెబుతారు. ఖుబానీ కా మీఠాకు అభ్యంతరం లేదు, డబుల్ కా మీఠా అసలు బ్రెడ్డే. ఇరానీ చాయ్ తాగొచ్చు, ఉస్మానియా బిస్కట్ పక్కవాళ్ళ సాసర్లో చూసి ఆనందించాలి. హలీం దగ్గరే నాకు ఓదార్పు దొరకలేదు. మాంసంతో గంటల తరబడి ఉడికి, కర్రలతో చితికి, ఆ జిగురు తేలేది గోధుమ వల్లే. జొన్నలతో చేసిన హలీం అని ఒకచోట పెట్టారు. మంచి మాంసం జావ. హలీం కాదు. కొన్ని వంటలకు గోధుమ తప్పదు. ఆ మాట ఒప్పేసుకుంటే మనసుకు సుఖం.

తిండి కన్నా కష్టం మర్యాద. పెళ్ళి బంతిలో మా పెద్దమ్మ బొబ్బట్టు పట్టుకుని నిలబడితే ఎవరైనా కాదనగలరా? "ఒక్కటి తింటే ఏమవుతుందిరా, నెయ్యేసి కాల్చారు" అంటుంది. నెయ్యి వేసినంత మాత్రాన మైదా గుణం మారదని ఆవిడకు ఎలా చెప్పడం? డైటింగ్ అంటే కోప్పడుతుంది. జబ్బంటే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది. సన్నబడటానికి, ఫ్యాషన్‌కీ గ్లూటెన్ మానేసేవాళ్ళు పెరిగాక మాకు ఇంకో చిక్కు వచ్చిపడింది. వాళ్ళ పుణ్యమా అని మెనూ కార్డుల్లో మాకో వరుస దక్కింది గానీ, వడ్డించేవాళ్ళు ఇదీ ఆ బాపతే అనుకుని తేలిగ్గా తీసుకుంటున్నారు. బఫే అయితే మరీ కష్టం. పూరీ కూరలో గరిటె పెరుగన్నంలోకి, పెరుగన్నం గరిటె ఇంకోదాంట్లోకి నడిచిపోతుంటాయి. అందుకే వంటకాల మూతలు తీయగానే మొదట నిలబడేది నేనే. ఆకలిగొట్టువాడనుకుంటే అనుకోనీ. నన్నడిగితే అరిటాకు భోజనాన్ని మించింది లేదు. ఆకు కొత్తది, దేని గిన్నె దానిది, దేని గరిటె దానిది.

ప్రసాదం మాటేమిటంటారా? అన్నవరం ప్రసాదం గోధుమ నూకతో చేసేది. కొండ దిగుతూ ఆ ఆకు పొట్లం విప్పితే వచ్చే నెయ్యీ బెల్లం వాసన ఎరిగినవాడికి నా సంకటం తెలుస్తుంది. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళ చేతిలో పెడతాను. ఇంట్లో వ్రతానికి మాత్రం దారి దొరికింది. సత్యనారాయణ వ్రతకథలోనే నైవేద్యానికి గోధుమపిండి చెప్పి, అది లేకపోతే బియ్యప్పిండి వాడమని ఉంది. మా పురోహితుడు గారు ఆ చోటు చూపించి, "స్వామే సడలింపు ఇచ్చాక మనదేముంది నాయనా" అన్నారు. ఈసారి వ్రతానికి ప్రసాదం బియ్యపురవ్వతో చేశాం. బావగారు రెండుసార్లు అడిగి పెట్టించుకున్నారు, షుగరు సంగతి మరిచి.

మీ ఇంటికి నాలాంటి చుట్టం వస్తే హడావిడి పడి కొత్త వంటలేవీ వెతక్కండి. ముద్దపప్పు, ఆవకాయ, వేపుడు, గడ్డపెరుగు, అన్నం చాలు. వేపుడుకు విడిగా కడిగిన మూకుడు, వడ్డించడానికి విడిగా ఓ గరిటె పెట్టండి. దేంట్లో ఏం వేశారని అడిగితే నొచ్చుకోకుండా చెప్పండి. వద్దన్నది మళ్ళీ వడ్డించకండి. మరీ బలవంతం చేయాలనిపిస్తే నెయ్యి దగ్గర చేయండి, కాదనం.