మడత సైకిళ్ళతో వశిష్ఠ దాటి



నరసాపురం స్టేషనులో రైలు దిగి, గుడ్డ ముసుగులు విప్పి, రెండు చిన్న సైకిళ్ళను నిలబెట్టేసరికి చుట్టూ పదిమంది చేరడం మాకు అలవాటైపోయింది. "మేష్టారూ, సర్కసు ఎక్కడండీ?" అని కుర్రాళ్ళు నవ్వుతారు. "అమ్మగారూ, ఇది మనవరాలి సైకిలాండీ?" అని పూలమ్మే ఆమె అడుగుతుంది. మేమూ నవ్వుతాము. ఇద్దరమూ బడిలో పాఠాలు చెప్పి విశ్రాంతి తీసుకొన్నవాళ్ళము. పిల్లల నవ్వుకు ఎన్నడూ నొచ్చుకోలేదు.

నెలకు రెండు శనివారములు మేము వీరవాసరం దగ్గర రైలెక్కి నరసాపురంలో దిగి, వశిష్ఠ గోదావరి దాటి, అవతలి గట్టున సఖినేటిపల్లి దిక్కున ఒక చిన్న కూటమునకు వెళ్తాము. పాకలో పదిహేను ఇరవైమంది కూడుకొనే సహవాసమది. మొదట్లో స్టేషను నుండి రేవుకు ఆటో, రేవు దాటాక మరో ఆటో ఎక్కేవాళ్ళము. ఆటో దొరకని రోజున నడిచేవాళ్ళము. మోకాళ్ళు సహకరించినన్నాళ్ళు నడిచాము. ఇంట్లో ఉన్న పెద్ద సైకిలు దాదాపు ఇరవై కిలోలు. దానిని రైలు పెట్టెలోకి ఎత్తే బలమూ లేదు, పెట్టుకొనే చోటూ లేదు.

మూడేళ్ళ క్రితము హైదరాబాదులో ఉన్న మా అమ్మాయి, తమ అపార్టుమెంటు ఖాళీ చేసి విదేశాలకు వెళ్తున్న ఒక దంపతుల దగ్గర రెండు మడత సైకిళ్ళు కొని పంపింది. రెండూ కలిపి పదకొండు వేలు. "మీ ఇద్దరికీ సరిపోతాయి నాన్నా, అమ్మ చీరతో కూడా ఎక్కవచ్చు" అని చెప్పింది. ఆ మాట నిజమే. వీటికి పైగొట్టము ఉండదు. ఫ్రేము కిందికి వంగి ఉంటుంది కనుక కాలు ఎత్తి దాటవలసిన పని లేదు.

ఈ సైకిలు సంగతి తెలియనివారి కోసము కొంచెము చెబుతాము. చక్రము ఇరవై అంగుళాలు, అంటే పిల్లల సైకిలు చక్రమంత. ఫ్రేము అల్యూమినియము. నడుము దగ్గర ఒక కీలు ఉంటుంది. దాని గొళ్ళెము తీసి మడిస్తే ముందు చక్రము వెనుక చక్రము పక్కకు వచ్చి చేరుతుంది. హ్యాండిలు కాడ కూడా మడుస్తారు, సీటు కడ్డీ కిందికి దించుతారు. మొత్తము ఒక పెద్ద సూట్‌కేసంత అవుతుంది. మా ఊరి బియ్యపు కొట్టులో కాటా మీద పెట్టి చూస్తే పన్నెండు కిలోలు తూగింది.

మడిచే సైకిలు కొత్త వింత కాదు. రెండవ ప్రపంచ యుద్ధములో బ్రిటిషు పారాచూటు సైనికుల కోసము బి.ఎస్.ఎ. కంపెనీ మడిచే సైకిళ్ళు చేసింది. 1970లలో లండనులో ఆండ్రూ రిచీ అనే ఇంజనీరు తన ఇంటి గదిలోనే ఒక మడత సైకిలు రూపొందించి, కిటికీలోనుండి కనిపించే బ్రాంప్టన్ ఆరేటరీ అనే చర్చి పేరునే దానికి పెట్టాడు. అవి చాలా ఖరీదు. మావి ఆ జాతివి కావు. సామాన్యుల కోసము చేసిన సామాన్యమైన సైకిళ్ళు.

మా దారి గురించి చెప్పాలి. నరసాపురం చిన్న పట్టణమే గాని, ఆంధ్ర సంఘ చరిత్రలో దానికి పెద్ద చోటు ఉంది. 1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ గారితో కలిసి ఇంగ్లండు నుండి ఓడలో బయలుదేరిన విలియం బౌడెన్, జార్జి బీర్ గార్లు తమ భార్యలతో ఇక్కడికి చేరి పరిచర్య ఆరంభించారు. గోదావరి డెల్టా మిషను అని పిలువబడే పని అలా మొదలైంది. మిషనరీల నాటినుండి ఈ ప్రాంతపు స్త్రీలు అల్లుతున్న లేసుకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. ఇప్పటికీ వీధి అరుగుల మీద దారపు ఉండ ఒడిలో పెట్టుకొని, మాట్లాడుతూనే కొక్కెముతో అల్లే అక్కచెల్లెళ్ళను చూస్తూ మేము రేవుకు వెళ్తాము.

రేవులో పంటు ఎక్కాలి. రెండు పడవలను జతచేసి పైన బల్లలు పరచినట్లుండే పంటు మీద మనుషులు, మోటారు సైకిళ్ళు, కొబ్బరికాయల బస్తాలు, ఆకుకూరల గంపలు అన్నీ కలిసే దాటుతాయి. అవతలికి చేరడానికి పది పదిహేను నిమిషాలు పడుతుంది. ధవళేశ్వరము దగ్గర సర్ ఆర్థర్ కాటన్ గారు 1847లో మొదలుపెట్టి 1852లో ముగించిన ఆనకట్ట దిగువన చీలిన గోదావరి పాయలలో ఇది ఒకటి. అంతర్వేది దగ్గర సముద్రములో కలిసే ముందు ఇక్కడ బాగా వెడల్పవుతుంది. 2022లో జిల్లాలు విభజించిన తర్వాత ఈ గట్టు పశ్చిమ గోదావరి, ఆ గట్టు కోనసీమ జిల్లా. వరదలప్పుడు పంటు ఆపేస్తారు. అప్పుడు చించినాడ వంతెన మీదుగా చుట్టు తిరిగి వెళ్ళవలసిందే.

అవతల దిగితే అంతా కొబ్బరి తోటలు, కాలువలు, గట్టు మీద సన్నని దారులు. ఎత్తుపల్లాలు లేవు గాని, మధ్యాహ్నము దాటితే సముద్రపు గాలి ఎదురుకొడుతుంది. అక్కడే మా సైకిళ్ళ లోపాలు బయటపడ్డాయి.

మొదటిది, ఎంత తొక్కినా దూరము జరగదు. చిన్న చక్రము కదా. ముందు చైను చక్రానికి 44 పళ్ళు, వెనుక ఫ్రీవీలుకు 18 పళ్ళు. పెడలు ఒక్క చుట్టు తిరిగితే సుమారు మూడు మీటర్ల ఎనభై సెంటీమీటర్లు వెళ్తుంది. అదే పళ్ళ లెక్కతో పెద్ద సైకిలు అయిదు మీటర్ల నలభై వెళ్తుంది. మా ఊరి సైకిలు మేస్త్రీ భీమవరము నుండి 52 పళ్ళ చక్రము తెప్పించి వేశాడు. చైనుకు నాలుగు లంకెలు కలిపాడు. ఇప్పుడు ఒక్క చుట్టుకు నాలుగున్నర మీటర్లు. గాలి లేనప్పుడు హాయిగా ఉంటుంది, గాలి ఉన్నప్పుడు కష్టమే గాని దిగి నడవవలసినంత కాదు.

రెండవది, చిన్న చక్రము ప్రతి గుంటలోనూ పడుతుంది. సన్నని టైర్లు తీసి కొంచెము లావైనవి, ఒకటి ముప్పావు అంగుళమువి వేయించాము. ఇరవై అంగుళాల టైర్లన్నీ ఒకటే అనుకోకూడదు. టైరు ప్రక్కన అచ్చువేసిన అంకె చూసి కొనాలి. 406 అని ఉన్న రిమ్ముకు 451 టైరు ఎక్కదు. ఇది తెలియక ఒకసారి డబ్బు పోగొట్టుకొన్నాము.

మూడవది చీర. చైనుకు కవరు లేదు. మేస్త్రీ ఒక పాత నూనె డబ్బా రేకు కత్తిరించి, అంచులు మడిచి, చైను మీద బిగించాడు. ఆ తర్వాత చీర అంచుకు గ్రీజు అంటలేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. తర్వాత క్యారియరు వేయించాము. బైబిళ్ళు, పాటల పుస్తకాలు పెట్టడానికి ముందు బుట్ట, పక్కన సంచులు, బరువైన జంట స్టాండు, పెద్ద గంట, డైనమో లైటు. ఒక్కొక్కటి అవసరమే అనిపించింది. ఒకరోజు పంటు బల్ల మీదికి ఎత్తబోతే ఎత్తలేకపోయాము. కాటా మీద పదహారు కిలోలు. తేలికగా ఉంటుందని కొన్నదానిని మేమే బరువు చేశాము. తన శిష్యులను ఇద్దరిద్దరిగా పంపినప్పుడు ప్రభువు సంచి కూడా వద్దని ఎందుకు చెప్పాడో ఆ రోజు కొంచెము అర్థమైంది. బుట్ట, జంట స్టాండు, డైనమో తీసేశాము. తలకు కట్టుకొనే బ్యాటరీ లైటు, వీపున ఒక సంచి చాలు అనుకొన్నాము. ఇప్పుడు పదమూడు కిలోలు.

ఇంతవరకు నవ్వుతూ చెప్పాము. ఇకపై చెప్పేది ఒప్పుకోలు.

నడుము కీలు గొళ్ళెము చాలా బిగుతుగా ఉండేది. ముసలి వేళ్ళతో తీయడానికి నొప్పి పుట్టేది. ఒక సైకిలుకు కంపెనీ వేసిన బోల్టు తీసి, కొంచెము సన్నని మామూలు బోల్టు వేయమని మేస్త్రీని అడిగాము. "వద్దు మేష్టారూ, మీ బరువంతా దీనిమీదే కదా" అని అతడు రెండుసార్లు చెప్పాడు. మేమే పట్టుబట్టాము. తీయడానికి సులువైంది. ఒక గురుతు మాత్రము పట్టించుకోలేదు. మూసేటప్పుడు మునుపు వినబడే 'టక్'మనే చప్పుడు ఇప్పుడు వినబడడము లేదు.

గత నవంబరులో ఒక సాయంకాలము అవతలి గట్టు నుండి ఫోను వచ్చింది. ఆ కూటములో మొదట విశ్వసించిన పెద్దమ్మగారు మంచములో ఉన్నారు, మమ్మల్ని చూడాలంటున్నారు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానులో ఇల్లు, కొబ్బరిచెట్లు పోగొట్టుకొని, ఆ మరుసటి ఆదివారము పడిపోయిన చెట్టు మొద్దు మీద కూర్చొని ఇరుగుపొరుగుతో ప్రార్థన చేసిన మనిషి. ఆ కూటము అలాగే పుట్టింది. మేము వెళ్ళినప్పుడల్లా ఆమె మా సైకిళ్ళను తడిమి చూసి, "ఇంత చిన్నదానికి ఇంత పనా!" అని మురిసిపోయేది.

వెంటనే రైలెక్కాము. చీకటి పడుతుండగా పంటు దాటాము. తొందరలో సైకిళ్ళు విప్పాము. "గొళ్ళెము చూశారా?" అని మాలో ఒకరు అడిగారు. "చూశాను, పద" అని ఇంకొకరు జవాబిచ్చారు. అది నిజము కాదు.

కాలువ గట్టు మీద ఒక గుంటలో చక్రము పడగానే సైకిలు నడుము విడిపోయింది. ఎక్కినవారు బోర్లా పడ్డారు. మణికట్టు బెణికింది, మోకాలు చీరుకుంది, బైబిలు సంచి బురదలో పడింది. ఇంకొక మూర జరిగి ఉంటే కాలువలోనే. కాసేపు ఇద్దరమూ మాటలేక కూర్చున్నాము. తర్వాత రెండవ సైకిలు మీద ఉన్న ఆమె లేచి, "నేను ముందు వెళ్తాను. మీరు మెల్లగా రండి. ఆమె కనిపెట్టుకొని ఉంటుంది" అని చెప్పి, తలకు లైటు కట్టుకొని ఒంటరిగా తొక్కుతూ వెళ్ళింది. నలభై ఏళ్ళ కాపురములో ఆమె చీకట్లో ఒంటరిగా అంత దూరము వెళ్ళడము అదే మొదటిసారి.

ఆమె చేరేసరికి పెద్దమ్మగారికి తెలివి ఉంది. చెయ్యి పట్టుకొని, "మేష్టారేరమ్మా?" అని అడిగారట. "వెనకాల వస్తున్నారమ్మా" అంటే, "మెల్లగా రమ్మను, తొందరేముంది" అన్నారట. ప్రార్థన చేస్తుండగానే ప్రశాంతముగా కన్నుమూశారు. కొబ్బరికాయల వ్యాను ఒకటి ఎక్కించుకొని వస్తే, వెనుక ఉన్నవారము చేరేసరికి నలభై నిమిషాలు గడిచిపోయాయి.

ఆ నలభై నిమిషాలు మాకు ఇప్పటికీ బరువే. సైకిలును తప్పుపట్టలేము, మేస్త్రీని అంతకన్నా పట్టలేము. వద్దన్నమాట విననిది మేమే, చూడనిదానిని చూశానన్నది మేమే. సమాధి కార్యక్రమము తర్వాత ఆ సంగతి కూటములో అందరి ముందు చెప్పి ఒప్పుకొన్నాము. పెద్దమ్మగారి కుమారుడు లేచి, "మా అమ్మ అడిగింది మిమ్మల్ని. మీలో ఒకరు వచ్చినా ఇద్దరూ వచ్చినట్లే" అని చెయ్యి పట్టుకొన్నాడు. ఆ మాటతో మా మనస్సు చాలా తేలికపడింది.

మర్నాడే మేస్త్రీ దగ్గరకు వెళ్ళి కంపెనీ బోల్టు తిరిగి వేయించాము. అతడు పాతదానిని పారవేయక కాగితములో చుట్టి దాచి ఉంచాడు. "మీరు వస్తారని తెలుసు మేష్టారూ" అన్నాడు. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ఇలాంటి సైకిలు కొనాలనుకొనే మన కుటుంబాలకు మా అనుభవముతో కొన్ని మాటలు చెబుతాము. పాతది కొంటే ముందుగా కీలు దగ్గర ఫ్రేముకు పగుళ్ళున్నాయేమో పగటి వెలుతురులో చూడండి. టైర్లు, సీటు, పెడళ్ళు, క్యారియరు మీ అవసరము కొద్దీ మార్చుకోవచ్చు. కీలు, గొళ్ళెము, హ్యాండిలు కాడ, వీటి బోల్టులు మాత్రము ఆ సైకిలుకు చేసినవే ఉండాలి. సీటు కడ్డీ మీద ఒక గీత ఉంటుంది, దానికి మించి పైకి లాగకండి. దీని మీద ఇద్దరు ఎక్కకండి. విప్పిన ప్రతిసారి గొళ్ళెము మూసి, హ్యాండిలు పట్టి ఒకసారి కుదిపి చూసి, ఆ తర్వాతే ఎక్కండి.

ఎఫెసీయులకు వ్రాసిన పత్రికలో అపొస్తలుడు సంఘమును శరీరముతో పోల్చి, కీళ్ళ వలన అది అమర్చబడి పెరుగుతుందని బోధించాడు. ఆ మాటలు ఎన్నోసార్లు చదివాము, పిల్లలకు నేర్పాము. కీలు సడలితే ఏమవుతుందో కాలువ గట్టు మీద నేర్చుకొన్నాము. కాపురములోనూ, సంఘములోనూ "చూశావా?" అని అడిగేవారు మనకు ఉండటము దేవుని కృప. చూడకుండా "చూశాను" అనకుండా ఉండటము మన వంతు.

ఇప్పటికీ నెలకు రెండు శనివారములు పంటు దిగి సైకిళ్ళు విప్పుతాము. ఒకరి సైకిలు గొళ్ళెము ఇంకొకరము చూస్తాము. రెండుసార్లు 'టక్'మని వినబడిన తర్వాతే కొబ్బరి తోటల దారి పడతాము. పెద్దమ్మగారి పాకలో ఇప్పుడు ఆమె మనవరాలు పిల్లలకు ఆదివారపు బడి నడుపుతున్నది. పోయిన నెలలో ఆ అమ్మాయి మా సైకిలు అడిగి తీసుకొని, రేవుదాకా తొక్కివచ్చి, "తాతగారూ, ఇలాంటిది నాకొకటి చూడండి" అన్నది. వెదుకుతున్నాము. ప్రియ పాఠకులారా, ఆ కూటము కోసము, ఆ బిడ్డ కోసము మీ ప్రార్థనలలో జ్ఞాపకము చేసుకొనండి.