ఇంజన్ వచ్చాడు, గాడీ వచ్చింది

మూడు భాషల మధ్య పెరిగే పిల్లలు వ్యాకరణాన్ని ఎవరూ చెప్పకుండానే కనిపెడతారు. కాకపోతే ఒక భాషలో కనిపెట్టిన సూత్రాన్ని పక్క భాషకు అంటించేస్తారు. మా అమ్మాయి మూడున్నరేళ్ల వయసులో స్టేషన్లో నిలబడి "నాన్నా, ఇంజన్ వచ్చాడు" అంది. వెనకే పెట్టెలు రాగానే "గాడీ వచ్చింది" అంది. పక్కనున్న తెలుగాయన పకపకా నవ్వాడు. నాకు మాత్రం అందులో లెక్క కనిపించింది. హిందీలో ఇంజన్ మగవాడు, గాడీ ఆడది. మా పిల్ల ఆ లింగాలను అలాగే ఎత్తుకొచ్చి తెలుగు క్రియలకు తగిలించింది. బెంగాలీలో అయితే ఆ గొడవే లేదు. అమ్మ వచ్చినా, నాన్న వచ్చినా, రైలు వచ్చినా ఒకే మాట: 'ఏసేఛే'.

మేముండేది ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో, రైల్వే క్వార్టర్ల మధ్య. దసరాకు రావణుణ్ణి తగలబెట్టే మైదానం ఇక్కడే ఉంది. మా తాత ఆముదాలవలస దగ్గరి పల్లె నుంచి వర్క్‌షాపులో ఖలాసీగా చేరడానికి వచ్చాడు. ఇంత దూరం ఎందుకు వచ్చాడని బంధువులు ఇప్పటికీ అడుగుతారు. ఆ రోజుల్లో అదేమంత దూరం కాదు. 1902లో కటక్ నుంచి వాల్తేరు దాకా ఉన్న తీర రైలు మార్గం బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ జిల్లాల కుర్రాళ్లకు ఉద్యోగమిచ్చే కంపెనీ, దాని పెద్ద వర్క్‌షాపు ఉన్న ఊరు రెండూ ఒకే పట్టాల మీద ఉన్నాయి. 2003లో ఈస్ట్‌కోస్ట్ రైల్వే ఏర్పడేదాకా వాల్తేరు డివిజన్ కూడా మా సౌత్ ఈస్టర్న్ రైల్వేలోనే ఉండేది. అందుకే ఇక్కడి బజారులో, గుడిలో, మాత పూజల్లో తెలుగు వినిపించడం ఎవరికీ వింత కాదు.

వింతల్లా పిల్లల నోళ్లలో ఉంటుంది. మా అమ్మాయి పక్కింటి బెంగాలీ పిల్లలతో ఆడుకుంటుంది, వీధిలో హిందీ మాట్లాడుతుంది, ఇంట్లో తెలుగు వింటుంది. ఈ మూడూ ఒకే వాక్యంలో కలిసిపోయిన రోజులు చాలానే ఉన్నాయి. "పిల్ల గందరగోళ పడుతుంది, ఇంట్లో కూడా హిందీయే పెట్టండి, రేపు బడిలో తేలికవుతుంది" అని తెలిసినవాళ్లు ఒకరు సలహా ఇచ్చారు. మేం ఒప్పుకోలేదు. కారణం భాషాభిమానం కాదు, మా అమ్మ. ఆమెకు డెబ్భై నాలుగేళ్లు. యాభై ఏళ్లకు పైగా ఇక్కడున్నా ఆమె హిందీ కూరగాయల బేరం దాటి ముందుకు పోలేదు. ఇంట్లో మేమిద్దరం పనుల మీద బయటికి పోతే రోజంతా ఆమెతో మాట్లాడే మనిషి ఈ పిల్లే. ఇద్దరికీ మాట కలవకపోతే ఆ ఇంట్లో ఇద్దరూ ఒంటరివాళ్లే.

పిల్లలు భాషలను కలిపి మాట్లాడితే కంగారు పడనక్కర్లేదని, తమకు దొరికిన మాటతో పని జరుపుకోవడమే అదని, క్రమంగా ఎవరితో ఏ భాషో వాళ్లే విడదీసుకుంటారని ఈ విషయం మీద పరిశోధన చేసినవాళ్లు చాలాకాలంగా చెబుతున్నారు. మాకది కళ్లముందే జరిగింది. నాలుగేళ్లు నిండేసరికి మా అమ్మ వైపు తిరిగితే తెలుగు, గుమ్మం దాటితే మరో భాష. మనిషి ముఖం చూసి నాలుక మార్చేది. మా అమ్మ "ఏటే గుంటా, బువ్వ తిన్నావేటి?" అంటే "తిన్నానే మామ్మా" అని అచ్చం అదే యాసలో జవాబు వచ్చేది. శ్రీకాకుళం ఒక్కసారే చూసిన పిల్లకు ఆ యాస అంత బాగా అబ్బింది.

ఆదివారాల్లో నేనూ, అదీ ప్లాట్‌ఫాం టికెట్ కొనుక్కుని స్టేషన్లో నడుస్తాం. 1,072 మీటర్ల ఈ ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి. చిన్న కాళ్లకు మాత్రం ఇప్పటికీ ఇదే పొడవైనది. ఆ నడకలో స్తంభాలు లెక్కపెట్టడం మా ఆట. మొదట్లో ఇరవై తొమ్మిది తర్వాత "ఇరవై పది" అనేది. ఆ పొరపాటులో ఉన్న తర్కం నాకు నచ్చింది. తెలుగు అంకె తన కూర్పును దాచదు: ఇరవై, దాని మీద తొమ్మిది. హిందీలో ఉన్‌తీస్, బెంగాలీలో ఉనొత్రిశ్. రెండింటిలోనూ ముప్పైకి ఒకటి తక్కువ అని తిరగేసి చెప్పడమే. అలాంటివాటిని బట్టీ పట్టాల్సిందే. ఇప్పటికీ చాక్లెట్లు పంచాల్సి వస్తే మా పిల్ల తెలుగులోనే లెక్కపెడుతుంది.

ప్రశ్నలకు మాత్రం అంత తేలిగ్గా జవాబు దొరకదు. ఒక రాత్రి భోజనాల దగ్గర అడిగింది: "అమ్మ వచ్చింది, పిల్లి వచ్చింది, రైలు వచ్చింది. నాన్న ఒక్కడే వచ్చాడు. ఎందుకు?" మా ఆవిడ కంచంలోంచి తలెత్తి, "నాక్కూడా చిన్నప్పట్నుంచీ అదే అనుమానం. మీ నాన్నను అడుగు" అంది. తెలుగు వ్యాకరణం అలాగే ఉంటుందన్న జవాబు తల్లికీ నచ్చలేదు, కూతురికీ నచ్చలేదు. మర్నాటి నుంచి కొన్నాళ్లు మా ఇంట్లో "అమ్మ వచ్చారు", "మామ్మ వచ్చారు" వినిపించాయి. పిల్లిని మాత్రం మన్నించలేదు.

కిందటేడు వానాకాలంలో జరిగింది చెప్పాలి. నేను డ్యూటీలో ఉన్నాను. మా ఆవిడ గోల్‌బజార్‌కు వెళ్లింది. ఇంట్లో అవ్వా మనవరాలే. మా అమ్మకు సుగర్ ఉంది. ఆ రోజు మాత్ర వేసుకుని, తినడం ఆలస్యం చేసింది. కుర్చీలో కూలబడి "గుంటా, కళ్లు తిరుగుతున్నాయే" అని మాత్రం అనగలిగింది. ఐదేళ్ల పిల్ల పక్కింటికి పరుగెత్తి, "కాకీమా, మామ్మా మాథా ఘుర్‌ఛే" అని అరిచింది. తెలుగులో తిరిగేవి కళ్లు, బెంగాలీలో తిరిగేది తల. మాటకు మాట పెట్టి కళ్లు తిరుగుతున్నాయని బెంగాలీలో చెప్పి ఉంటే ఆవిడ కంట్లో ఏదో పడిందనుకునేది. పిల్ల చెప్పింది విని, సుగర్ సంగతి ముందే తెలుసు కనుక, ఆవిడ పంచదార నీళ్లతో వచ్చింది. మా ఆవిడ తిరిగొచ్చేసరికి అమ్మ లేచి కూర్చుని ఉంది. పిల్ల ముఢి తింటోంది. మురీలంటే మా అమ్మకు, ముఢి అంటే కాకీమాకు ఒకటే కనుక, ఆ తిండి విషయంలో మా ఇంట్లో ఎప్పుడూ దుబాసీ అక్కర్లేదు.

ఆ సాయంత్రం సంగతి తెలిసినప్పుడు నాకు కాళ్లు వణికాయి. తర్వాత ఆలోచిస్తే అర్థమైంది. ఆ మాట ఎవరూ దానికి నేర్పలేదు. కళ్లు అన్న మాటను తల అని మార్చాలని ఏ పుస్తకమూ చెప్పలేదు. మామ్మ ఒళ్లో విన్నది, కాకీమా వంటింట్లో విన్నది రెండూ ఒకే బాధను చెబుతున్నాయని ఎప్పుడో దానంతటదే పోల్చుకుంది. మనం పాఠమనుకునేది పిల్లలకు ఆటలో పోతుంది. మనం కబుర్లనుకునేదే పాఠమై మిగులుతుంది.

పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు రాష్ట్రంలో అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. మాకు సంతోషమే. కానీ హోదా ఉన్నంత మాత్రాన భాష వంటింట్లోకి రాదు. దానికి వినే చెవి, జవాబు చెప్పే నోరు ఒకే గదిలో ఉండాలి. మా నాన్న ఈ ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివారు. మా అమ్మాయిది ఇంగ్లీష్ మీడియం. దరఖాస్తులో మాతృభాష దగ్గర తెలుగు అని రాశాం. అక్షరాలు మాత్రం సాయంత్రం వసారాలో, మా అమ్మ దగ్గర పలక మీద. ఇప్పుడు ళ దగ్గరికి వచ్చారు. బెంగాలీలో ఆ ధ్వని లేదు కనుక కాకీమా కొడుకు కూడా పక్కన కూర్చుని నాలుక మడత పెట్టి తంటాలు పడుతున్నాడు.

పాఠం ఒకవైపే నడవడం లేదు. కాకీమాతో చెప్పడానికి పనికొచ్చే బెంగాలీ మాటలు రోజుకొకటి మా అమ్మకు అప్పజెప్పాలని మనవరాలు షరతు పెట్టింది. మందు, నీళ్లు, నొప్పి అయిపోయాయి. నిన్నటి మాట 'మాథా ఘుర్‌ఛే'. మా అమ్మకు మూడోసారికి గానీ తిన్నగా రాలేదు.