విరిగితేనే గిరాకీ

ఇంగ్లండులో సెవర్న్ నది మీద 1779లో నిలబెట్టిన ఇనుప వంతెనను చూడ్డానికి వచ్చినవాళ్లు అవతలి ఒడ్డున టోల్ ఇంటి గోడకున్న బోర్డు దాకా వెళ్తారు, ఫొటో తీసుకుని వెనక్కి తిరుగుతారు. ఆ బోర్డు చదవదగ్గదే. బండికింత, గుర్రానికింత అని రేట్లు రాసి, సైనికుడైనా, రాజకుటుంబమైనా సుంకం కట్టకుండా దాటేది లేదని తేల్చేస్తుంది. నా పని మాత్రం ఆ బోర్డు దాటాక, కొండ మీద ఉంది.

"మామయ్యా, ఇంత పెద్ద వంతెన చూశాం కదా. ఇంకా కొండెక్కి మట్టి గొట్టాలు చూడాలా?" అన్నాడు బర్మింగ్‌హామ్ నుంచి తీసుకొచ్చిన మా మేనల్లుడు.

"చూడాలిరా" అన్నాను. మాది ఒంగోలు వైపు పొగాకు బ్యారన్ల ఊరు. ఆకు కోయడం, కర్రలకు అల్లడం, బ్యారన్‌లో రాత్రంతా మంట చూసుకోవడం, గ్రేడు కట్టి బేళ్లు వేయడం మాకు తెలుసు. పొగతాగే సరంజామా చేసి బతికిన ఊరు ఎలా ఉంటుందో మాకు తెలియదు.

బ్రోజ్లీ అలాంటి ఊరు. ఇటుక ఇళ్ల మధ్య సన్నటి సందులు, వాటిని అక్కడ జిట్టీలంటారు. 17వ శతాబ్దం నుంచి ఇక్కడ మట్టి పైపులు చేశారు. బంకమట్టి, బట్టీకి బొగ్గు ఊళ్లోనే దొరికేవి. సరుకు తీసుకుపోవడానికి కింద నది ఉంది. తర్వాతి కాలంలో ఇంకా తెల్లటి మట్టి కావాలని డెవన్, కార్న్‌వాల్ ప్రాంతాల నుంచి తెప్పించుకున్నారు. మంచి మట్టి పైపు అడగాలంటే ఇంగ్లండులో 'ఒక బ్రోజ్లీ ఇవ్వు' అనేంత పేరు వచ్చింది.

ఆ పేరును చివరిదాకా మోసినవాళ్లు సదర్న్ కుటుంబం. విలియం సదర్న్ 1823లో మొదలుపెట్టిన వ్యాపారం అది. కింగ్ స్ట్రీట్‌లోని వాళ్ల కార్ఖానా 1950ల్లో మూతపడింది. మూసినవాళ్లు ఏదీ సర్దలేదు, తర్వాత ఎవరూ పీకెయ్యలేదు. దాదాపు 40 ఏళ్లు అలాగే పడి ఉన్నదాన్ని ఐరన్‌బ్రిడ్జ్ మ్యూజియం ట్రస్టు 1996లో జనానికి తెరిచింది. మేం వెళ్లిన నాటికి ఏడాదిలో కొద్ది రోజులే చూడనిచ్చేవారు. మ్యూజియంకోసం అమర్చిన గది ఎంత బాగున్నా నాకు అతకదు. ఇక్కడ అమర్చింది తక్కువ, వదిలేసింది ఎక్కువ. బల్లల మీద, కిటికీల అంచుల మీద, నేల పగుళ్లలో అంతటా తెల్లటి మట్టి దుమ్ము. నా నల్ల బూట్లు పది అడుగుల్లో రంగు మారాయి.

మాకు చూపించినాయన ఒక పెద్దమనిషి, స్వచ్ఛందంగా వచ్చి పనిచేస్తున్నారు. మాటలకంటే చేతులతోనే ఎక్కువ చెప్పారు. ముందు మట్టిని పిసికి, ఒక చివర ఉండ, రెండో చివర సన్నటి తోక ఉండేలా వత్తుతారు. కాస్త ఆరాక ఆ తోకలోకి ఉక్కు తీగ దూర్చాలి. అసలు నేర్పు అక్కడే ఉంది. తీగ లోపల ఎక్కడుందో కంటికి కనబడదు. ఎడమచేతి వేళ్లతో పైనుంచి తడుముతూ, మొన పక్కకు పోకుండా పొడవునా నడిపించాలి. ఒక్క పిసరు పక్కకు పోయినా కాడ చీలిపోతుంది. తర్వాత తీగతో సహా నూనె రాసిన రెండు ముక్కల ఇనుప అచ్చులో పెట్టి, అచ్చును ప్రెస్సులో బిగిస్తారు. మీట లాగితే ఇనుప మొన దిగి, ఉండలో పొగాకు పట్టే గిన్నె తొలుస్తుంది. తీగను ఇంకొంచెం ముందుకు తోస్తే కాడకు, గిన్నెకు దారి కలుస్తుంది. చర్చ్‌వార్డెన్ అనే పొడవాటి రకమైతే మూరెడు పైచిలుకు కాడ. అంత పొడవునా ఆ తీగ అలాగే నడవాలి.

అచ్చు నుంచి వచ్చిన పైపుకు అంచుల్లో మట్టి పొర మిగులుతుంది. దాన్ని గీకి నునుపు చేసేది ఎక్కువగా ఆడవాళ్లు. కిటికీ వెలుగు పడేలా వేసిన వాళ్ల బల్లల దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మా వైపు గ్రేడింగ్ షెడ్లలో ఆకు రంగు చూసి వేరుచేసేది కూడా ఆడవాళ్లే. పైపు మీద సదర్న్ పేరు పడింది, బేలు మీద కంపెనీ ముద్ర పడింది. ఆ ఆడవాళ్ల పేర్లు దేనిమీదా పడలేదు.

ఆరిన పైపుల్ని శాగర్ అనే మొద్దు మట్టి డబ్బాల్లో పేర్చి, సీసా ఆకారంలో ఉండే బట్టీలో దొంతరలుగా ఎక్కించేవారు. మంట నేరుగా తగలకుండా ఆ డబ్బా కాపాడుతుంది. బట్టీ లోపలికి వెళ్లి తలెత్తి చూస్తే నల్లటి గోడల మీద గుండ్రటి ఆకాశం. కాలిన మట్టి పెదవికి అంటుకుని చర్మం లాగేస్తుంది కాబట్టి, చివరగా కాడ కొసకు మైనమో వార్నిషో పూసేవారు.

ఇంత శ్రమపడి తయారుచేసిన వస్తువు ఎక్కువ రోజులు నిలిచేది కాదు. చేతిలోంచి జారితే ముక్కలు. సారాయి దుకాణాలవాళ్లు గ్రోసుల లెక్కన కొనిపెట్టుకునేవారు, కొన్నిచోట్ల బీరు తాగేవాడికి ఊరికే ఇచ్చేవారు. వ్యాపారమంతా ఆ విరగడం మీదే నడిచింది. రోజూ ఎన్నో చేతుల్లో పగిలే సరుకుకు గిరాకీ ఎందుకు తగ్గుతుంది?

విరిగిన ముక్క కుళ్లదు, తుప్పు పట్టదు. ఇంగ్లండులో పెరట్లో గుంట తవ్వినా, థేమ్స్ ఒడ్డున బురదలో వెతికినా పైపు కాడలు దొరుకుతాయి. వాటితో కాలం లెక్కగట్టే పద్ధతిని 1954లో జె.సి. హారింగ్టన్ అనే అమెరికన్ పురాతత్వవేత్త చెప్పారు. 1600 ప్రాంతపు కాడల్లో రంధ్రం అంగుళంలో 64వ వంతుల్లో తొమ్మిది ఉంటే, 1750 తర్వాతవాటిలో నాలుగే. కాడ పొడవు పెరిగేకొద్దీ తీగ సన్నబడింది. గిన్నె సంగతి దీనికి తలకిందులు. పొగాకు బంగారంలా ఉన్న రోజుల్లో వేలి కొసంత ఉన్న గిన్నె, ధర దిగాక పెద్దదైంది. షెర్లాక్ హోమ్స్ ఈ లెక్కలు విని ఉంటే సంతోషించేవాడు. నల్లబడిన మట్టి పైపు తాగే ఆయన, 1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్'లో మన లంక పొగాకు చుట్టను బూడిద చూసి పోల్చగలనని గొప్పలు పోతాడు.

బ్రోజ్లీని దెబ్బతీసింది విరగని పైపు. 19వ శతాబ్దం మధ్య నుంచి ఫ్రాన్సులోని సాంక్లోద్‌లో బ్రయర్ చెక్కతో చేసినవి వచ్చాయి, ఒకటి కొంటే ఏళ్ల తరబడి నడిచేది. ఆ తర్వాత యంత్రం మీద సిగరెట్లు చుట్టడం మొదలైంది. మట్టి పైపుకు మిగిలిన గిరాకీలో పిల్లలు సబ్బు బుడగలు ఊదుకోవడం ఒకటి, జాతర్లలో తుపాకీ గురికి వరసగా నిలబెట్టి పేల్చడం ఒకటి. పగలగొట్టడానికే కొనే ఆ కొనుగోలుదార్ల మీద నాకు గౌరవం కలిగింది.

బయటికొచ్చే దారిలో పొట్టి పైపులు అమ్మకానికి పెట్టారు. కొండెక్కనని మొండికేసిన మా మేనల్లుడే ఒకటి కొన్నాడు. బుడగలు ఊదడానికేనట. ఆ మాట మా అక్కకు ఫోన్లో ముందే చెప్పమన్నాను.