“ఏమీ లేదు” అను మాట

ధ్యానమునకు: యాకోబు 5:14, 1 రాజులు 19:4-8



మన కణేకల్ ప్రాంతమున నడక యెవరికిని క్రొత్త కాదు. పటములలో వేదవతి యనియు, మన మాటలో హగరి యనియు పిలువబడు ఏటి యొడ్డున ఇసుక దిబ్బలున్నవి. గాలి లేచినప్పుడు ఆ యిసుక చేల మీదికి వచ్చి పడును. అందులో నడచువానికి అడుగు ముందుకు వేసిన సగము వెనుకకు జారినట్లుండును. చిన్ననాడు ఆ దారినే బడికిని, ఆదివారము ఆరాధనకును నడచినవాడను. కాబట్టి నడకను గూర్చి నాకెవ్వరును నేర్పనక్కరలేదని నా మనస్సులో ఒక గర్వముండెను. ఆ గర్వమును ప్రభువు ఏలాగు దించెనో మీతో చెప్పుకొనుటకే ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

మన జిల్లాలో ఏడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లే గదా. తుంగభద్ర ఎగువ కాలువ, అనగా మనమందరము హెచ్చెల్సీ అని పిలుచు కాలువ నీరు అందిన పొలములు పచ్చగా నుండును. అందని ఊళ్ల బిడ్డలు బెంగళూరు బస్సెక్కుదురు. నా కుమారుడును అట్లే వెళ్లి అక్కడ స్థిరపడెను. ఒక వేసవిలో నేను వానియింట కొన్ని దినములు ఉంటిని.

వారు కాపురముండు మేడలో క్రింది అంతస్తున జిమ్ము అను వ్యాయామపు గది యున్నది. అందులో ట్రెడ్‌మిల్ అను యంత్రము నేను మొదటిసారి చూచితిని. పిండి మిషను బెల్టును వెడల్పు చేసి నేలబారుగా పరచినట్లుండును. మీట నొక్కగా ఆ బెల్టు వెనుకకు పోవుచుండును. దానిపై నిలిచినవాడు పడిపోకుండ ముందుకు నడువవలెను. ఎంత నడచినను ఎదుటి గోడ దగ్గరకు రాదు.

నేను చక్కెర వ్యాధికి మాత్రలు వేసికొనువాడను. ఆ యుదయము మాత్ర వేసికొంటిని గాని, నడచి వచ్చిన తరువాత తినవచ్చునని కడుపు మాడ్చుకొంటిని. నా కోడలు యంత్రము నడుపు విధము చూపి, “మామా, మెల్లగా నడవండి. ఏమన్నా అనిపిస్తే ఈ ఎర్ర బటన్ నొక్కండి, ఆగిపోతుంది” అని చెప్పెను. “హగరి ఇసుకలో నడిచినోణ్ణమ్మా, ఇదేం లెక్క!” అంటిని. ప్రక్క యంత్రముపై ఒక పడుచువాడు పరుగెత్తుచుండెను. వానిని చూచి నేనును వేగము పెంచితిని.

పది నిమిషములైనదో లేదో, చల్లని చెమట పట్టెను. చేతులు వణకెను. కడుపులో త్రిప్పి, కన్నులు మసకలు కమ్మెను. ఎర్ర బటను నా చేతికి జానెడు దూరములోనే యున్నది. అయినను నేను నొక్కలేదు. ఆ పడుచువాడు చూచునేమో, కోడలు నవ్వుకొనునేమో అని సిగ్గుపడితిని. నా ముఖము చూచి ఆమె, “మామా, బాగుండారా?” అని అడిగెను. “ఏమీ లేదమ్మా” అంటిని.

నా జీవితములో పలికిన అబద్ధములలో అంత చిన్నది మరియొకటి లేదు. అంత ప్రమాదకరమైనదియు లేదు.

ఇక తాళలేక బటను నొక్కి, ఒక్కమారుగా నేల మీదికి దిగితిని. కదలని నేల కదలినట్లాయెను. గోడ పట్టుకొన్నను నిలువలేక కూలబడితిని. ఆమె పరుగెత్తుకొని వచ్చి, నన్ను పండుకొనబెట్టి, స్పృహ కలదని చూచుకొని, మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి త్రాగించెను. కొంతసేపటికి తేరుకొంటిని.

ఆ నేల మీద పండుకొనియున్నప్పుడు నాకు నా బాల్యస్నేహితుడు జ్ఞాపకమునకు వచ్చెను. మేమిద్దరము ఒకే బడిలో చదివి, ఒకే సంఘములో పెరిగితిమి. చివరి సంవత్సరమున అతడు గుడికి వచ్చు దారిలో రెండుచోట్ల నిలిచి రొమ్ము పట్టుకొనుచుండెను. “ఏమిరా?” అని నేనడిగిన, “ఏం లేదు లేరా, గ్యాసు” అనుచుండెను. నేనును నమ్మితిని. నమ్ముట సులభము గనుక నమ్మితిని. ఒక తెల్లవారుజామున అతనిని ఆసుపత్రికి తీసికొనిపోవుచుండగా దారిలోనే ప్రాణము విడిచెను. అతని భార్య నన్ను చూచి, “నీతోనైనా చెప్పినాడా అన్నా?” అని అడిగెను. ఆ ప్రశ్నకు నాయొద్ద జవాబు లేకపోయెను. ఆ స్నేహితుని మాటనే నేను నా కోడలితో పలికితినని తెలిసికొని, పండుకొనియే కన్నీరు విడిచితిని.

మరునాడు వైద్యుని యొద్దకు వెళ్లి ఈసారి ఏమియు దాచక చెప్పితిని. గుండెను కూడ పరీక్షించి, అది బాగుగానే యున్నదనియు, నా బాధకు కారణములు మూడనియు ఆయన వివరించెను.

మొదటిది, మాత్ర వేసికొని తినకుండ నడచుటవలన రక్తములో చక్కెర మితిమీరి తగ్గెను. 70 కంటె తగ్గినచో చెమట, వణకు, తలత్రిప్పు వచ్చును. అట్టివేళ వెంటనే పంచదార గాని గ్లూకోజు గాని పుచ్చుకొనవలెను. స్పృహ తప్పినవానికి మాత్రము నోట ఏమియు పోయరాదు.

రెండవది, ఒక్కమారుగా ఆగుట. నడచునప్పుడు పిక్కల కండరములు రక్తమును పైకి, గుండెకు నెట్టుచుండును. హఠాత్తుగా నిలిచినయెడల రక్తము కాళ్లలోనే నిలిచి, మెదడునకు చాలినంత అందక తల తిరుగును. కావున ఆపుటకు ముందు కొన్ని నిమిషములు వేగము తగ్గించుచు రావలెను.

మూడవది విచిత్రమైనది. మన ప్రతి చెవి లోపలను ద్రవముతో నిండిన మూడు సన్నని వంపు గొట్టములున్నవి. తల యెటు తిరుగుచున్నదో అవి తెలుపును. కన్ను, చెవి, కాళ్లు ఏకముగా సాక్ష్యము చెప్పినప్పుడు శరీరము నిబ్బరముగా నుండును. ట్రెడ్‌మిల్ పై కాళ్లు “నడచుచున్నాము” అనును, కన్ను “గోడ కదలుట లేదు” అనును. సాక్షులు విభేదించినందున కొందరికి తలత్రిప్పును వికారమును కలుగును. దిగిన తరువాతకూడ కొంతసేపు నేల కదలినట్లుండును. ఈ మాట వినినప్పుడు నాకు గానుగెద్దు తలపునకు వచ్చెను. దినమంతయు నడచినను అది గానుగ దాటదు. కన్నులు తెరచియున్న తల తిరిగి పడునని మన పెద్దలు దానికి గంతలు కట్టెడివారు.

గుండె పరీక్షకును ఈ యంత్రమునే వాడుదురు. అమెరికాలోని సియాటిల్ నగరపు వైద్యుడు రాబర్ట్ బ్రూస్ 1963లో ప్రకటించిన పద్ధతి ప్రకారము మూడేసి నిమిషములకొకసారి వేగమును, ఏటవాలును పెంచుచు, గుండె గీతలను చూచుచుందురు. పరీక్షకు ముందే, “రొమ్ములో నొప్పి గాని, ఆయాసము గాని, తలత్రిప్పు గాని వస్తే వెంటనే చెప్పండి” అందురు. తీగెలెన్ని తగిలించినను, రోగి నోటి మాట ఇంకను అవసరమే.

ఈ యంత్రము పేరునకు ఒక దుఃఖకరమైన చరిత్రయు కలదు. 1818లో ఇంగ్లండులో విలియం క్యూబిట్ అను ఇంజనీరు ఖైదీలకొరకు ఒక చక్రమును కల్పించెను. దాని మెట్లను వారు గంటల తరబడి ఎక్కుచునే యుండవలెను, పైకి మాత్రము చేరరు. కొన్ని చెరసాలలలో ఆ చక్రము నీరు తోడెను, ధాన్యము విసరెను. మరికొన్నింట ఏ పనియు లేక ఊరక తిరిగెను. 1898 నాటి చట్టముతో ఆ దేశము దానిని మానుకొనెను. ఆ చక్రమును ఆపు అధికారము ఖైదీకి లేదు. నా యెదుట నున్న యంత్రమునకో, ఎర్ర బటను కలదు. ఆ ఖైదీని చట్టము బంధించెను. నన్ను బంధించినదెవరు? నా సిగ్గే గదా!

ప్రియులారా, యాకోబు పత్రిక అయిదవ అధ్యాయము 14వ వచనమును ఎన్నిసార్లో చదివితిని. రోగి కొరకు పెద్దలు ప్రార్థించి నూనె రాయవలెనను సంగతినే చూచితిని గాని, దానికి ముందున్న దానిని చూడలేదు. పెద్దలను పిలిపింపవలసినవాడెవడు? రోగియే. అపొస్తలుడు మొదటి పనిని రోగిమీదనే పెట్టెను. వాడు నోరు తెరవనియెడల పెద్దలకెట్లు తెలియును? నూనె బుడ్డి అరలోనే యుండిపోవును.

ఏలీయాను చూడుడి. కర్మెలు కొండమీద అంతటి కార్యము చేసిన ప్రవక్త, అరణ్యములో బదరీవృక్షము క్రింద కూలబడి, ఇక చాలునని దేవునితోనే చెప్పుకొనెను. దేవుడు ఆయనను గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను. దూత ఆయనను ముట్టి లేపి, రొట్టెయు నీళ్లును ఇచ్చెను. ప్రయాణము ఆయన శక్తికి మించినదని దూతయే చెప్పెను. పరలోకమే మన అలసటను ఒప్పుకొనుచుండగా, మనము దాచుట ఏల?

ఇప్పుడు మన సంఘములవైపు చూతము. వేరుసెనగ చేనిలో ఎండకు పనిచేయు సహోదరి తల తిరిగినను, కూలి పోవునని “ఏమీ లేదు” అనును. ఉపవాస దినమున చక్కెర మాత్ర వేసికొన్న వృద్ధుడు, భక్తి తక్కువవాడందురేమో అని “ఏమీ లేదు” అనును. వాన తప్పి, పంట పోయి, అప్పులవాడు గుమ్మములో నిలిచి, రాత్రులు నిద్ర లేని రైతు, ఆరాధన ముగిసిన తరువాత కరచాలనము చేసి “ఏమీ లేదన్నా, అంతా దేవుని కృప” అని వెళ్లిపోవును. దేవుని కృప నిజమే. ఆ కృప మీ చేతులగుండ, మీ చెవులగుండ అతనియొద్దకు రావలసియున్నదేమో! మా జిల్లాలో ఆ మాట చెప్పి ఇంటికి వెళ్లి మరల తిరిగి రాని రైతులున్నారని మీరెరుగుదురు.

కావున రెండు మనవులు. బాధపడువారలారా, చెప్పుడి. రొమ్ము పట్టినను, ఎడమ చేయి గాని దవడ గాని లాగినను, నడకలో ఊపిరి ఆడకపోయినను, గ్యాసని త్రోసివేయక పని ఆపి ఇంటివారికి చెప్పి 108కి ఫోను చేయించుడి. చక్కెర మాత్రలు వాడువారు ఉపవాసమునకు ముందు వైద్యుని అడుగుడి. మనస్సు బరువైనయెడల పాస్టరుగారి తలుపు తట్టుడి.

వినువారలారా, “ఏమీ లేదు” అను మాటను మొదటిసారికే నమ్మకుడి. ప్రక్కన కూర్చుండి రెండవసారి అడుగుడి. నా స్నేహితుని నేను రెండవసారి అడుగలేదు. ఆ బాధ నేనెరుగుదును.

ఇప్పుడు నేను కణేకల్‌లోనే, తిని, మెల్లగా నడచుచున్నాను. అలసినచోట కూర్చుండుచున్నాను. దారిని పోవువారు “ఏం పెద్దాయనా, కూచున్నావే?” అని అడిగిన, “ఆయాసముగా ఉంది నాయనా, కొంచెంసేపు ఉండి పో” అనుచున్నాను. కొందరు నిజముగానే కూర్చుందురు. ఆ కొద్దిసేపటిలోనే తమ ఇంటి సంగతులను కొన్ని వారే చెప్పుకొందురు.

ప్రార్థన: ప్రభువా, మా బలహీనతను నీవెరిగియున్నావు. నీయెదుటను సహోదరులయెదుటను దానిని దాచు గర్వమును మాలోనుండి తీసివేయుము. అడుగు ప్రేమను, చెప్పు ధైర్యమును మా సంఘములకు దయచేయుము. ఆమేన్.